చేతులు కిందికే ఉంచాలి

గురువారం, రాత్రి

తెల్లవారుజామున నాలుగున్నరకే మెలకువ వచ్చింది. రాత్రంతా కురిసిన వాన అప్పటికి కాస్త తెరిపి ఇచ్చింది గాని, అల్పపీడనం ఇంకా తీరం దగ్గరే తచ్చాడుతోందని రేడియో చెబుతోంది. ధారావాహిక 42వ భాగం ఈ రాత్రి పన్నెండు లోపల పంపాలి. వారపత్రికల కాలంలో రచయిత్రికి ఊపిరి పీల్చుకోవడానికి వారం రోజులు ఉండేవట. కథలు ఫోనులోకి వచ్చాక నాకు వారానికి మూడు భాగాల లెక్క, ఒక్కొక్కటి పన్నెండు వందల మాటలు. ఒక్క రోజు ఆలస్యమైతే పాఠకురాళ్ళు నా ఆరోగ్యం గురించి కాక కథానాయకుడి ఆరోగ్యం గురించి ఆరా తీస్తారు.

ఆ కథానాయకుడు నౌకాదళంలో హెలికాప్టర్ పైలట్, పేరు విక్రాంత్. విశాఖలో పుట్టి పెరిగి, నౌకాదళం అనగానే ఆ పేరు తప్ప మరొకటి తోచకపోవడం నా ఊహాదారిద్ర్యమే. మేముండేది ఎన్.ఏ.డి. కొత్తరోడ్డుకు దగ్గర. ఐఎన్ఎస్ డేగా స్థావరం నుంచి లేచే హెలికాప్టర్లు మా మేడ మీద ఆరేసిన బట్టల మీదుగానే వెళ్తాయి. విశాఖ పౌర విమానాశ్రయం ఇన్నేళ్ళూ నడిచింది ఆ స్థావరంలో ఒక పక్కనే అన్న సంగతి మా ఊరి వాళ్ళలోనే చాలామందికి పట్టదు. 2007లో జలాశ్వ నౌకతో పాటు అమెరికా నుంచి వచ్చిన యూహెచ్-3హెచ్ హెలికాప్టర్లు 2024 జూన్‌లో విరమించుకునే దాకా, పప్పుకు తాలింపు పెడుతూ కూడా చప్పుడును బట్టి అది ఆ పెద్దదో, చిన్న చేతక్ హెలికాప్టరో చెప్పగలిగేదాన్ని. అంత దగ్గరగా ఉండీ, ఆ తలుపులో కూర్చున్న మనిషి చేసే పనేమిటో ఇన్నాళ్ళూ ఎవరినీ అడగలేదు. పైలట్ టోపీయే నా కథకు సరిపోయింది.

42వ భాగంలో వరద వస్తుంది. మేఘన మేడ మీద చిక్కుకుంటుంది, విక్రాంత్ తీగ పట్టుకుని ఆకాశం నుంచి దిగుతాడు, ఆమె రెండు చేతులూ అతని మెడ చుట్టూ వేస్తుంది, అతని స్పర్శకు ఆమె ఒంట్లో విద్యుత్తు ప్రవహిస్తుంది, ఇద్దరూ ఒకరి కళ్ళలోకి ఒకరు చూసుకుంటూ మెల్లగా పైకి వెళ్తారు. పన్నెండు వందల మాటల్లో ఏడు వందలు ఆ చూపులకే ఖర్చు పెట్టాను. నిన్న సాయంత్రం, చిన్న చిన్న పొరపాట్లు ఉంటే చెప్పమని, దాన్ని మేడ మీది బాబాయి గారికి ఇచ్చాను. ఆయనది శ్రీకాకుళం జిల్లా. నౌకాదళంలో ఇరవై రెండేళ్ళ సర్వీసులో చాలా భాగం హెలికాప్టర్ తలుపు దగ్గర వించ్, అంటే మనుషుల్ని తీగతో దించి పైకి లాగే యంత్రం, నడుపుతూ గడిపిన మనిషి. చుట్టరికం ఏమీ లేదు. పదేళ్ళుగా ఒకే మెట్లు తొక్కుతున్నందుకు బాబాయి, పిన్ని అయ్యారు.

ఈ ఉదయం ఆరున్నరకు ఆయన కిందికి దిగివచ్చి, కరెంటు బిల్లు వెనకాల రాసుకున్న తప్పుల చిట్టా తీసి, కాఫీ గ్లాసు పక్కన పెట్టుకుని చదవడం మొదలుపెట్టారు. పైలట్ కిందికి దిగితే బండిని ఎవరు నడుపుతారన్నది మొదటి ప్రశ్న. దానికి నా దగ్గర సమాధానం లేదు. దిగేది డైవర్, అంటే తీగకు వేలాడుతూ వెళ్ళి చిక్కుకున్నవాళ్ళకు పట్టీ వేసే మనిషి. పైలట్ చేయాల్సిందల్లా గాలిలో ఒకేచోట నిలబడటం, అదే అన్నిటికన్నా కష్టం. ముందుకు ఎగురుతున్నప్పటి కన్నా నిలబడి ఉన్నప్పుడే యంత్రానికి ఎక్కువ బలం కావాలి, ఆ మేరకు ఇంధనమూ తరుగుతుంది. ఆయన చెప్పిన రెండో సంగతి నన్ను రోజంతా వదలలేదు. తన కింద నేరుగా ఉన్న మనిషి పైలట్‌కు కనిపించదు. కనిపించేది తలుపు దగ్గర పడుకుని తొంగి చూస్తున్న వించ్ మనిషికి మాత్రమే. అతను చెవిలో చెబుతూ ఉంటాడు: ముందుకు పది, ముందుకు ఐదు, కుడికి రెండు, అలాగే ఉంచు. ఆ గొంతును నమ్మి, చూడని మనిషి కోసం, పైలట్ ఆ బరువును గాలిలో అంగుళాల లెక్కన జరుపుతాడు.

"మరి వాళ్ళు ఒకరినొకరు ఎప్పుడు చూసుకుంటారు బాబాయి గారూ?" అని అడిగాను.

"ఎందుకు చూసుకోవాలమ్మా?" అన్నారాయన, నిజంగానే అర్థం కాక.

తర్వాత చేతుల సంగతి వచ్చింది. చంకల కింద నుంచి ఒకే పట్టీ వేసి పైకి లాగేటప్పుడు, ఎక్కే మనిషి చేతులు కిందికి, ఒంటికి ఆనించి ఉంచాలి. పైకెత్తితే పట్టీలోంచి జారి పడిపోతారు. భయపడ్డ మనిషి ముందుగా చేసే పని చేతులెత్తి ఏదో ఒకటి పట్టుకోవడమే కాబట్టి, డైవర్ మొదటి పని ఆ చేతులను కిందికి దించడం. "అమ్మాయ్, నీ మేఘన అలాగ చేతులెత్తేస్తే పట్టీలోంచి జారిపోదేటి?" అన్నారు. నలభై రెండు భాగాలుగా నా పాఠకురాళ్ళు ఎదురుచూస్తున్న ఆ కౌగిలి కథానాయికను చంపేస్తుందని ఆయన అంత మామూలుగా చెప్పేసరికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

విద్యుత్తు మాత్రం ఒప్పే అన్నారు. రెక్కలు గాలిని చీల్చుకుంటూ తిరిగే ఒరిపిడికి హెలికాప్టర్ ఒంటికి విద్యుదావేశం పడుతుంది. అందుకని దించిన తీగ కొక్కెం మొదట నీటినో నేలనో తాకి ఆ ఆవేశాన్ని వదిలేదాకా ఎవరూ దాన్ని పట్టుకోకూడదు, పట్టుకుంటే షాక్ కొడుతుంది. పదిహేను నవలల్లో నేను ఉపమానంగా వాడి వాడి అరగదీసిన మాట ఒకరి ఉద్యోగంలో రోజువారీ జాగ్రత్త అని తెలిసి, నా మీద నాకే జాలి కలిగింది. ఇక కొంగు ఎగరడం, గాలికి కురులు ముఖం మీద పడటం లాంటివన్నీ ఆయన ఒక్క మాటతో కొట్టేశారు: ఆ గాలికి రేకులు లేచిపోతాయి, కొంగు ఏపాటిది. మాటల సంగతైతే చెప్పనక్కర్లేదు, ఆ హోరులో పక్కనున్న మనిషి అరిచినా వినబడదు, అంతా చేతి సైగలే.

ఆయన వెళ్ళాక పది గంటల దాకా ఏమీ రాయలేదు. ఇంటిపని చేశాను, ఎండు మిరపకాయలకు బూజు పట్టకుండా లోపలికి చేర్చాను, అయినా బుర్రలో ముందుకు పది, కుడికి రెండు అన్న గొంతే తిరుగుతోంది. 2018 ఆగస్టు 17న, కేరళ వరదల్లో అలువ దగ్గర నిండు గర్భిణిని నౌకాదళం వాళ్ళు మేడ మీద నుంచి తీగతో పైకి తీసిన దృశ్యం అప్పట్లో టీవీలో ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. ముందుగా ఒక వైద్యుణ్ణి దించి, ఆమెను లేపవచ్చునా లేదా అని చూసుకున్నాకే పైకి లాగారు. ఆ రోజే కొచ్చిలోని నౌకాదళ ఆసుపత్రిలో మగబిడ్డ పుట్టాడు. పైలట్ కమాండర్ విజయ్ వర్మ. తర్వాత ఆ ప్రాంతంలోనే ఒక మేడ మీద ఎవరో తెల్లరంగుతో పెద్ద పెద్ద అక్షరాల్లో కృతజ్ఞత రాసి ఉంచారు. ఇవాళ ఆలోచిస్తే, ఆ అక్షరాలు అలా ఆకాశం వైపు తిరిగి ఉండటంలోని సబబు ఇప్పుడే తెలిసినట్టయింది. వచ్చినవాళ్ళ ముఖం సరిగా చూడలేదు, మాట వినబడలేదు, ఎక్కించి దించేసి వెళ్ళిపోయారు; చెప్పవలసిన మాటను వాళ్ళకు కనిపించే చోట రాయడం తప్ప ఆ ఇంటివాళ్ళకు మరో దారి ఏముంది?

మన దగ్గరి సంగతులూ గుర్తుకొచ్చాయి. 2021 నవంబరులో అనంతపురం జిల్లాలో చిత్రావతి పొంగినప్పుడు, కారులో చిక్కుకున్న వాళ్ళను కాపాడటానికి జేసీబీలో వెళ్ళిన వాళ్ళు కూడా చిక్కుకుపోతే, వైమానిక దళం ఎంఐ-17 హెలికాప్టర్ వచ్చి మొత్తం పది మందిని ఒడ్డున చేర్చింది. కాపాడేవాడు ఒకడు, కాపాడబడేవాడు ఒకడు అని నేను గీసుకున్న గీత అక్కడ ఎటు పోయిందో తెలియదు. 2024 సెప్టెంబరు 1న ఖమ్మంలో మున్నేరు మీది వంతెనపై తొమ్మిది మంది నిలిచిపోయినప్పుడు వాతావరణం బాగాలేక హెలికాప్టర్ రాలేకపోతే, హర్యానా నుంచి పనికి వచ్చిన ఒక జేసీబీ డ్రైవర్ వెళ్ళి తీసుకొచ్చాడు. ఈ ముక్క చెబితే మా ఆయన, "మరి జేసీబీ డ్రైవర్‌ని హీరోగా పెట్టి రాయొచ్చుగా" అన్నారు. రాయవచ్చు. కొనేవాళ్ళుంటారా అన్నదే అనుమానం. యూనిఫాం మీద నేను బతుకుతున్నానన్న మాట నాకు ఎవరూ గుర్తు చేయనక్కర్లేదు.

ఆ బతుకులో నాకు నచ్చని భాగం ఒకటుంది. కథ చప్పబడినప్పుడల్లా కథానాయకుడి హెలికాప్టర్‌ను కూల్చి, నాలుగు వారాలు ఏడిపించి, ఐదో వారం అతణ్ణి గడ్డంతో తిరిగి తేవడం మా వృత్తిలో పాత కిటుకు, నేనూ రెండుసార్లు వాడాను. 2013 జూన్‌లో ఉత్తరాఖండ్ వరదలప్పుడు మా పెద్దమ్మ వాళ్ళు చార్‌ధామ్ యాత్రకు వెళ్ళి చిక్కుకుపోయి, చివరికి హెలికాప్టర్‌లోనే కిందికి వచ్చారు. ఆ నెల 25న గౌరీకుండ్ దగ్గర సహాయక పనిలో ఉన్న ఎంఐ-17 కూలిపోయి ఇరవై మంది చనిపోయారు; వాయుసేన వాళ్ళు, జాతీయ విపత్తు దళం వాళ్ళు, టిబెట్ సరిహద్దు కాసే ఐటీబీపీ పోలీసులు. వాళ్ళలో ఒక్కరూ ఐదో వారం తిరిగి రాలేదు. పెద్దమ్మ ఇప్పటికీ దేవుడి గదిలో దీపం పెట్టేటప్పుడు ఆ పేరు తెలియని పైలట్‌కు కూడా దండం పెడుతుంది. ఇదంతా తెలిసిన నేనే ఆ కిటుకును రెండుసార్లు వాడాను, రెండోది 2016లో.

మధ్యాహ్నం పిన్ని గారు వాన చినుకుల్లోనే గిన్నెలో పనసపొట్టు కూర పట్టుకొచ్చారు. బాబాయి గారి చిట్టా సంగతి విని నవ్వి, ఆయనను అడిగితే ఏం తెలుస్తుంది, నన్ను అడుగు అన్నారు. ఆవిడ లెక్కలో తుఫాను అంటే గాలి కాదు, వాన కాదు. ఆయన ఇంట్లో ఉండని రోజు. పిల్లలకు జ్వరమొచ్చినా, పెరట్లో కొబ్బరిచెట్టు విరిగి గోడ మీద పడినా, అందరి మగవాళ్ళూ ఇంటికి చేరుకునే వేళకు ఈయన సంచి సర్దుకుని బయలుదేరేవారు. ఆయన విరమించాక వచ్చిన మొదటి పెద్ద తుఫాను హుద్‌హుద్. 2014 అక్టోబరు 12, ఆదివారం. స్థావరాన్నీ విమానాశ్రయాన్నీ కూడా వదలలేదది. "అదొక్కటేనమ్మా ఆయన ఇంట్లో ఉన్న తుఫాను. బీరువా జరిపి కిటికీకి అడ్డం పెట్టాలనైనా తెలీలేదు, వీధి తలుపు దగ్గర నిలబడి ఆకాశంలోకి చూస్తా ఉన్నారు. నేనూ పిల్లలూ కలిసి తోసినాం," అన్నారు. అంతగా నవ్వుతూ చెప్పిన మనిషి, ఆ నిలబడిన తీరు చూపించబోయి సగంలో ఆగిపోయారు. గాలి మలుపు తిరిగే సమయానికి ఆయన పెదవులు కదులుతున్నాయట, దగ్గరికి వెళ్ళి వింటే అంకెలు చెప్పుకుంటున్నారట.

నేను నలభై రెండు భాగాలుగా వెతుకుతున్నది పైమెట్టు మీదే ఉంది. కాకపోతే దానికి చూపులూ స్పర్శలూ లేవు. నా పాఠకురాలు అడిగేది అదే కదా.

మూడింటికి కూర్చుని రాయడం మొదలుపెట్టాను. విక్రాంత్‌ను కిందికి దింపడం మానేశాను, అతను సీటులోనే ఉన్నాడు. మేఘన ముఖం అతనికి కనిపించదు. తలుపు దగ్గర మనిషికి ఇన్నాళ్ళూ ఈ కథలో పేరే లేదు. ఇవాళ పేరు పెట్టవలసి వచ్చింది, శ్రీకాకుళం మాట పెట్టవలసి వచ్చింది. ఒక దశలో విక్రాంత్‌ను కూడా ఎవరో ఒకరు కాపాడే రోజు రాయాలనిపించింది. 2018 సెప్టెంబరులో, ఒంటరిగా భూమిని చుట్టే పడవ పందెంలో ఉన్న నౌకాదళ అధికారి అభిలాష్ టోమీ హిందూ మహాసముద్రం దక్షిణాన తెరచాప కొయ్య విరిగి, వెన్ను దెబ్బతిని, లేవలేక పడవలోనే పడి ఉంటే, మన పీ-8ఐ విమానం ఆ పడవను కనిపెట్టింది, 24న ఫ్రాన్స్‌కు చెందిన ఒసిరిస్ నౌక అతణ్ణి చేర్చుకుంది. ఆ తర్వాత అదే పందెంలో మళ్ళీ దిగి 2023లో రెండో స్థానంలో పూర్తి చేశాడు. ఆరడుగుల కథానాయకుడు లేవలేక పడుకుని, ఎవరో వస్తారని ఎదురుచూడటం మా నవలల్లో ఎక్కడా చదివిన గుర్తు లేదు. అది 50వ భాగం తర్వాతకు దాచాను. ముందు ఈ వరద తీరాలి.

కష్టమంతా నిడివితో వచ్చింది. చూపులు తీసేస్తే ఏడు వందల మాటలు పోయాయి. పట్టీ వేయడం, చేతులు దించడం, కొక్కెం నీటిని తాకేదాకా ఆగడం, అంకెలు, ఇవన్నీ రాసినా తొమ్మిది వందలు దాటలేదు. ఇంకో మూడు వందలకు ఏం చేయాలా అని ఎనిమిది గంటల దాకా కొట్టుకుని, చివరికి విక్రాంత్ ఇంట్లో అతని తల్లిని రాశాను. వానలో బయటికి వెళ్ళిన కొడుకు తిండి గురించి కాక, తలుపు ఉబ్బి గడియ పడటం లేదని విసుక్కునే తల్లి. ఆ మూడు వందలూ అరగంటలో వచ్చాయి.

పదకొండు గంటల యాభై రెండు నిమిషాలకు పంపేశాను. మేఘన పైకి వెళ్ళింది, చేతులు ఒంటికి ఆనించి, కళ్ళు మూసుకుని. హెల్మెట్ ముందు నల్లద్దం దించి ఉండటం వల్ల కళ్ళు మూసుకునే ముందు ఆమె చూసింది అద్దంలో తన ముఖాన్నే, అదీ డైవర్ అద్దంలో. శనివారం భాగంలోనైనా వాళ్ళను కలపకపోతే నాకు శాపనార్థాలు తప్పవు.

ఇది రాస్తుండగా మళ్ళీ వాన పట్టింది. పైన కుర్చీ జరిపిన చప్పుడు, తర్వాత మేడ తలుపు తెరిచిన చప్పుడు. బాబాయి గారు నీళ్ళు పోయే తూము చూడటానికి వెళ్ళినట్టున్నారు. లోపలికి రమ్మని పిన్ని గారు అరుస్తున్నారు.