నాలుగు గ్రాముల ఫొటో: విరాళాల ఉత్తరాలతో నా అనుభవం

మా ఊరి గ్రంథాలయానికి పైకప్పు బాగు చేయించడానికి, చెదలు తిన్న చెక్క బీరువాల స్థానంలో ఇనుప బీరువాలు కొనడానికి ఉత్తరాలు రాసి విరాళాలు అడగాలని కార్యవర్గం తీర్మానించింది. కార్యదర్శిని కనుక ఆ పని నా నెత్తిన పడింది. నేను ముప్పై నాలుగేళ్లు ఉన్నత పాఠశాలలో లెక్కలు చెప్పి పదవీ విరమణ చేసినవాణ్ణి. ఈ సంగతి ముందే ఎందుకు చెబుతున్నానో మీకే తెలుస్తుంది. 2025 మార్చి 31 దాటి పది రోజులే అయింది కాబట్టి జరిగినదంతా ఇంకా పచ్చిగానే ఉంది.

వాట్సాప్‌లో పెడితే సరిపోదా అని కుర్రవాళ్లు అడిగారు. మా దాతల్లో ఎక్కువమంది డెబ్భై దాటినవారు. ఫోనులో వచ్చిన విన్నపానికి వారు ఒక దండం బొమ్మ పంపి ఊరుకుంటారు. అదే తమ పేరు రాసి ఉన్న కవరు గుమ్మంలో పడితే కళ్లజోడు వెతుక్కుని మరీ చదువుతారు.

పాత రసీదు పుస్తకాల కౌంటర్‌ఫాయిళ్ల నుంచి, సభ్యత్వ రిజిస్టరు నుంచి 1,180 చిరునామాలు తేలాయి. జాబితాను టీ కొట్టు దగ్గర కూర్చునే పెద్దలకు చదివి వినిపించి కాలం చేసినవారి పేర్లు తీసేయించాను. ఆంధ్రప్రదేశ్ జిల్లాలు 2022లో 13 నుంచి 26 అయ్యాయి కదా, చిరునామాలన్నీ తిరగరాయాలేమోనని భయపడ్డాను గాని, పిన్ కోడ్ సరిగ్గా ఉంటే జిల్లా పేరు పాతదైనా ఉత్తరం చేరుతుంది. ఉత్తరం రాయడం ఒక్క సాయంత్రం పని. రెండు కాగితాలకు రెండు వైపులా వచ్చింది. దాన్ని చదివిన ఒక విశ్రాంత తహశీల్దారుగారు ఇందులో ఒక్క వాక్యం కూడా తీసేయడానికి లేదన్నారు. ఆ మాట ఇక్కడ రాసుకోకుండా ఉండలేకపోతున్నాను.

పన్ను మినహాయింపు కోసం ఇచ్చేవారు మార్చి నెలాఖరులోగా ఇస్తారు కనుక ఫిబ్రవరి మొదటి వారంలో ఉత్తరాలు పోస్టు చేయాలని నిశ్చయించాను. మాకు 80జి ఆమోదం, అంటే మాకిచ్చే విరాళానికి దాతలు ఆదాయపు పన్నులో మినహాయింపు పొందే వీలు, ఉంది. రెండు వేల రూపాయలకు మించి నగదుగా ఇస్తే మినహాయింపు రాదని, కొత్త పన్ను విధానం ఎంచుకున్నవారికి అది అసలే వర్తించదని, పాన్ నంబరు తప్పక రాయాలని ఉత్తరంలోనే స్పష్టంగా చెప్పాను. దాతల వివరాలను మే 31లోగా ఆదాయపు పన్ను శాఖకు ఫారం 10బీడీలో దాఖలు చేస్తేనే, మినహాయింపు కోసం వారికి కావలసిన 10బీఈ సర్టిఫికెట్ ఇవ్వగలం. పాన్ లేకుండా డబ్బు పంపినవారికి ఇప్పుడు ఒక్కొక్కరికీ ఫోన్ చేసి అడుక్కుంటున్నాను.

అసలు కథ అధ్యక్షులవారి ఫొటోతో మొదలైంది. నా లెక్క ప్రకారం ఎ4 కాగితం ఒకటి అయిదు గ్రాములు తూగుతుంది కనుక ఉత్తరం పది గ్రాములు, పై కవరు, దాతలు తిరిగి పంపే చిన్న కవరు కలిపి ఎనిమిది గ్రాములు, మొత్తం పద్దెనిమిది. మామూలు ఉత్తరానికి ఇరవై గ్రాముల వరకు అయిదు రూపాయల స్టాంపు చాలు. అంతా ముద్రణకు వెళ్లాక అధ్యక్షులవారు తమ ఛాయాచిత్రం, సందేశం ఉన్న దళసరి కార్డు ఒకటి సొంత ఖర్చుతో అచ్చు వేయించి తెచ్చి, ప్రతి కవరులోనూ పెట్టాలన్నారు. తన ముఖం కనిపించకపోతే పుణ్యం దక్కదనుకునే పెద్దలు ప్రతి సంస్థలోనూ ఒకరుంటారు. వారికి ఎదురు చెప్పలేని కార్యదర్శి కూడా ఒకడుంటాడు. కార్డు పెట్టాం, కవర్లు అంటించాం, 5,900 రూపాయల స్టాంపులు అతికించాం.

నాలుగు గోనెసంచుల్లో కవర్లు నింపుకుని ఆటోలో పోస్టాఫీసుకు వెళ్లాను. కౌంటరులో ఉన్నది నా పాత విద్యార్థే. అతను ఒక కవరు తీసి కాటా మీద పెట్టాడు, మరొకటి పెట్టాడు, మూడోది కూడా పెట్టి, గొంతు తగ్గించి, "మాస్టారూ, ఇరవై రెండు చూపిస్తోందండీ, పది రూపాయల స్టాంపు పడుతుంది" అన్నాడు. నేను కాటా తప్పన్నాను. అతను ఓపికగా వంద గ్రాముల రాయి పెట్టి చూపించాడు. కూతురి సుకన్య ఖాతాలో డబ్బు కట్టడానికి నా వెనుక నిలబడిన ఒకావిడ, "మీరు మాకు లెక్కలు చెప్పారు కదండీ" అంది. ఆమెకు వెటకారం లేదు, గుర్తుపట్టిన సంతోషమే. అదే మరీ బాధ. ఇలాగే పెట్టెలో వేస్తే పోస్టుమ్యాన్ వాటిని బేరింగు ఉత్తరాలుగా పట్టుకెళ్లి, తగ్గిన స్టాంపుకు రెట్టింపు సొమ్మును ఉత్తరం అందుకునేవారి దగ్గరే వసూలు చేస్తాడు. విరాళం అడిగే ఉత్తరానికి దాత ఎదురు డబ్బు కట్టి విప్పుకోవడాన్ని ఊహించుకోండి.

అయినా నమ్మకం కుదరక, తిరిగి వస్తూ బజారులోని బంగారం కొట్టులో తూకం వేయించాను. అక్కడి కాటా 22.140 దగ్గర నిలిచింది. కొట్టు యజమాని కవరును అటూ ఇటూ తిప్పి చూసి, "ఇదే బంగారమైతే మీకు చందాలతో పనేముందండీ" అన్నాడు.

అధ్యక్షులవారికి చెబితే, ఇంకో అయిదు రూపాయల స్టాంపు అంటించమన్నారు, అదీ గ్రంథాలయం సొమ్ముతో. మరో 5,900 రూపాయలు నాలుగు గ్రాముల ముఖం కోసం ఖర్చు పెట్టడానికి నాకు మనసొప్పలేదు. గ్రంథాలయంలో పోటీ పరీక్షలకు చదువుకునే ఆరుగురు పిల్లలను కూర్చోబెట్టుకుని, రెండు రాత్రులు బ్లేడుతో కవర్ల అంచులు కోసి, కార్డు లాగేసి, మళ్లీ టేపు అంటించాం. దాని ఫలితంగా దాతల్లో కొందరు ఫోన్ చేసి, "మీ ఉత్తరం దారిలో ఎవరో విప్పి చూసినట్టున్నారు, జాగ్రత్త" అని హెచ్చరించారు. ఈ పని తలపెట్టేవారు ముద్రణకు ఇవ్వకముందే ఒక పూర్తి నమూనా కవరు కట్టి, అంటించి, తూకం వేయించండి. ఆ తరువాత ఎవరు ఏది తెచ్చినా లోపల పెట్టకండి.

ఇంకొక్క చేదు అనుభవం ఉంది. అమెరికా పౌరసత్వం తీసుకున్న మా ఊరివాడొకడు పెద్ద మొత్తం పంపుతానన్నాడు. విదేశీ విరాళాలను నియంత్రించే ఎఫ్‌సీఆర్‌ఏ చట్టం కింద మా సంస్థకు రిజిస్ట్రేషన్ లేదు కనుక పుచ్చుకోకూడదన్నాను. భారత పాస్‌పోర్టు ఉన్న ప్రవాసులు సొంత సంపాదనను బ్యాంకు ద్వారా పంపితే ఆ ఇబ్బంది లేదు గాని అతని పరిస్థితి అది కాదు. సొంత ఊరికి తాను పరాయివాణ్ణయ్యానా అని అతను నొచ్చుకున్నాడు. అతను అధ్యక్షులవారికి బంధువు కూడా.

మార్చి నెలాఖరుకు 97 మంది కలిసి 2,36,500 రూపాయలు పంపారు. పైకప్పుకు సరిపోతుంది, బీరువాలు రెండే వస్తాయి. మేం లాగేసిన కార్డులు పారేయడానికి చేతులు రాక అలమరలో పెట్టాను. పిల్లలు వాటిని పుస్తకాల్లో గుర్తుకు పెట్టుకుంటున్నారు. మొన్న పాఠకుల బల్లల మధ్య నడుస్తూ ప్రతి పుస్తకంలోంచీ తమ ముఖం తొంగిచూడటం గమనించిన అధ్యక్షులవారు, ఇంకో వెయ్యి అచ్చు వేయించమంటారా అని అడిగారు.