ర్యాంకు అడగని దరఖాస్తు

మా మేనకోడలు ఇంటర్ ఎంపీసీ రెండో సంవత్సరం చదువుతోంది. ఇంజినీరింగ్ వద్దని, ఆర్థికశాస్త్రంతో పాటు పర్యావరణం చదువుకుంటానని, అది కూడా శ్రీసిటీలోని క్రియా విశ్వవిద్యాలయంలోనని దసరా సెలవుల్లో ఇంటికి వచ్చినప్పుడు చెప్పింది. మా బావగారు చాలాసేపు ఏమీ అనలేదు. చివరికి, “ర్యాంకు ఎంత అడుగుతున్నారు?” అని నన్ను అడిగారు. ర్యాంకు అడగరని, వ్యాసం రాయించి మాట్లాడి చూస్తారని చెప్పినప్పుడు ఆయన ముఖంలో కనిపించిన అనుమానాన్ని నేను తప్పు పట్టలేను. మూడు గంటల్లో 160 ప్రశ్నలకు జవాబులు గుర్తించే ఈఏపీసెట్ ఎంత క్రూరమైనదైనా, దాని లెక్క మాత్రం ఊళ్లో అందరికీ అర్థమవుతుంది. మాటల్లో జరిగే ఎంపికలో సిఫారసు నడుస్తుందేమోనన్న భయం మన ఇళ్లలో సహజమే. ముప్ఫై ఏళ్లు జూనియర్ కళాశాలలో భౌతికశాస్త్రం చెప్పిన నాకు కూడా ఈ పద్ధతి కొత్తదే కనుక, తెలుసుకున్నది తెలుసుకున్నట్టు ఇక్కడ రాస్తున్నాను.

నెల్లూరు నుంచి చెన్నై వెళ్లే జాతీయ రహదారిపై సూళ్లూరుపేట దాటి, తడ దగ్గర కుడివైపుకు తిరిగితే శ్రీసిటీ వస్తుంది. ఇసుజు, డైకిన్ వంటి కర్మాగారాల మధ్య ఉన్న ఈ ప్రాంతం 2022లో జిల్లాల పునర్విభజన జరిగేదాకా చిత్తూరు జిల్లాలో ఉండేది, ఇప్పుడు తిరుపతి జిల్లాలో ఉంది. ఇక్కడి క్రియా విశ్వవిద్యాలయం ఆంధ్రప్రదేశ్ ప్రైవేటు విశ్వవిద్యాలయాల చట్టం కింద ఏర్పడింది, డిగ్రీ విద్యార్థుల మొదటి బృందం 2019లో చేరింది. అయితే దాని మూలం అంతకంటే పాతది. 1970లో చెన్నైలో మొదలైన ఇఫ్మర్ అనే ఆర్థిక పరిశోధన సంస్థే దీనికి పునాది, దాని బిజినెస్ స్కూలు ఇప్పుడు ఈ విశ్వవిద్యాలయంలో భాగంగా నడుస్తోంది. శ్రీసిటీలో ట్రిపుల్ ఐటీ కూడా ఉండటంతో, పిల్ల ఆ పేరు చెప్పిందనుకుని మా అక్క రెండు రోజులు సంతోషపడింది.

డిగ్రీలో చేరాలనుకునే విద్యార్థి దరఖాస్తులో మార్కులతో పాటు తన గురించి, తన ఆసక్తుల గురించి రాయాలి. ఆ వడపోత దాటినవారికి ఒక సమస్యను ముందుంచి, దాని గురించి ఆలోచించి చెప్పమనే ఇమ్మర్సివ్ కేస్, తరువాత ఇంటర్వ్యూ ఉంటాయి. మన కార్పొరేట్ కళాశాలల్లో రెండేళ్లు గడిపిన పిల్లలు తడబడేది సరిగ్గా ఇక్కడే. మా పిల్ల తెలివిగలదే, అయినా “నీకు ఏది ఆసక్తి?” అని అడిగితే సిలబస్‌లోని పాఠాల పేర్లు చెప్పింది. ఉదయం ఐదున్నరకు లేచి రాత్రి పదిన్నరదాకా స్టడీ అవర్లలో కూర్చునే పిల్లకు సిలబస్ బయట ఆసక్తి పెరగడానికి సమయం ఎవరిచ్చారు? ఇలాంటి ఎంపిక పుస్తకాలున్న ఇళ్లలో, నగరపు పాఠశాలల్లో పెరిగిన పిల్లలకే అనుకూలమన్న విమర్శలో నిజముంది. పరీక్ష ర్యాంకు కూడా డబ్బు పెట్టి శిక్షణ ఇప్పించగలిగిన ఇంటివైపే మొగ్గుతుంది కనుక, ఈ రెండు అన్యాయాల్లో ఏది పెద్దదో నేను తేల్చలేకపోయాను.

చేరిన తరువాత దొరికే చదువు విషయంలో నాకు ఇంత సందేహం లేదు. ఏడాదిని మూడు ట్రైమెస్టర్లుగా విభజించి, మొదట్లో సాహిత్యం, చరిత్ర, విజ్ఞానశాస్త్రం అన్న తేడా లేకుండా అందరికీ కొన్ని ఉమ్మడి కోర్సులు చెప్పి, ఆ తరువాతే విద్యార్థి తన ప్రధాన విషయాన్ని ఎంచుకునేలా ఏర్పాటు చేశారు. పదహారేళ్లకే ఎంపీసీయో బైపీసీయో తేల్చుకుని, ఆ గీత జీవితాంతం దాటకూడదనుకునే మనకు ఈ ఒక్క వెసులుబాటు విలువ తెలియాలి. దీనికి తోడు, పేదరికాన్ని తగ్గించే కార్యక్రమాలు నిజంగా పనిచేస్తున్నాయో లేదో క్షేత్రస్థాయి ప్రయోగాలతో తేల్చే అబ్దుల్ లతీఫ్ జమీల్ పావర్టీ యాక్షన్ ల్యాబ్ దక్షిణాసియా కేంద్రం ఇఫ్మర్‌లోనే ఉంది. దాని వ్యవస్థాపకుల్లో అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డుఫ్లో 2019లో ఆర్థికశాస్త్ర నోబెల్ అందుకున్నారు. ఈ తరహా పరిశోధన మన గడ్డకు కొత్త కాదు. 2005 నుంచి ఆంధ్రప్రదేశ్ పల్లెల్లోని ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలల్లో కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ చేసిన అధ్యయనంలో, పిల్లల అభ్యసనం మెరుగుపడితే ఉపాధ్యాయులకు చిన్న బోనస్ ఇచ్చిన బడుల్లో లెక్కలు, భాష రెండింటిలోనూ ఫలితాలు పెరిగాయని తేలింది. ఉపాధ్యాయుణ్ణి కనుక ఆ ముగింపుతో నాకు కొంత పేచీ ఉంది, అది మరోసారి రాస్తాను. అలాంటి పనిని దగ్గరగా చూసే అవకాశం ఒక డిగ్రీ విద్యార్థికి దొరకడం మాత్రం మామూలు విషయం కాదు.

చిన్న విశ్వవిద్యాలయంలో ఇబ్బందులు కూడా ఆ చిన్నతనం నుంచే పుడతాయి. ఒక శాఖలో అధ్యాపకులు కొద్దిమందే ఉంటారు కాబట్టి, ఒకరిద్దరు మానేస్తే ఆ ఏడాది కొన్ని ఐచ్ఛిక కోర్సులు ఉండకపోవచ్చు. పూర్వ విద్యార్థుల బలగం ఇంకా పలుచనే. అందువల్ల మా పిల్లకు నేనొక పని అప్పగించాను. ఏ విశ్వవిద్యాలయాన్ని చూసినా ముందుగా ప్యాకేజీల పేజీ తెరవకుండా, తనకు కావలసిన శాఖలో ఎవరెవరు పాఠం చెబుతున్నారో, వారు ఎంతకాలంగా అక్కడ ఉన్నారో, నాలుగో ఏడాది పరిశోధన చేసినవారు ఏ అంశంపై చేశారో రాసి పెట్టమన్నాను. ఆ నాలుగో ఏడాదికి ఇప్పుడు ప్రాముఖ్యం పెరిగింది. విశ్వవిద్యాలయాల నిధుల సంఘం (యూజీసీ) 2022 డిసెంబరులో విడుదల చేసిన విధానం ప్రకారం మూడేళ్లకు 120 క్రెడిట్లతో డిగ్రీ, నాలుగేళ్లకు 160 క్రెడిట్లతో ఆనర్స్ వస్తాయి. మొదటి ఆరు సెమిస్టర్లలో 75 శాతం తెచ్చుకున్నవారు పరిశోధనతో కూడిన ఆనర్స్ చేయవచ్చు.

ఇక ప్రైవేటు విశ్వవిద్యాలయం అనగానే చట్టబద్ధత సంగతి చూసుకోవాలి. ఛత్తీస్‌గఢ్ 2002లో చేసిన చట్టం కింద వందకు పైగా విశ్వవిద్యాలయాలు పుట్టుకొచ్చాయి, వాటిలో కొన్నింటికి సొంత భవనాలైనా లేవు. శాస్త్రవేత్త ప్రొఫెసర్ యశ్‌పాల్ వేసిన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 2005లో ఆ చట్టంలోని కీలక నిబంధనలను కొట్టివేసింది. యూజీసీ ప్రకటించే ప్రైవేటు విశ్వవిద్యాలయాల జాబితాలో పేరు ఉందో లేదో చూసుకోవడానికి అయిదు నిమిషాలు చాలు. ఉన్నత విద్యాసంస్థల నాణ్యతను మదింపు చేసే న్యాక్ గుర్తింపు లేదని మాత్రం వెంటనే కొట్టిపారేయనక్కరలేదు, ఎందుకంటే రెండు బృందాలు చదువు ముగించి బయటికి వచ్చేదాకా, లేదా సంస్థకు ఆరేళ్లు నిండేదాకా దానికి దరఖాస్తు చేసే అర్హతే రాదు.

అసలు చిక్కు డబ్బు దగ్గర ఉంది. బీటెక్ ఉన్న ప్రైవేటు విశ్వవిద్యాలయాల్లో 35 శాతం సీట్లను కన్వీనర్ కోటా కింద నింపేలా ఆంధ్రప్రదేశ్ 2021లో ఏర్పాటు చేసింది, కానీ ఈఏపీసెట్‌తో సంబంధం లేని ఇలాంటి డిగ్రీకి ఆ దారి లేదు. 2024 నవంబరులో కేంద్రం ఆమోదించిన పీఎం విద్యాలక్ష్మి పథకంలో హామీ లేకుండా రుణం దొరుకుతుంది, అయితే ప్రైవేటు సంస్థ, విద్యాసంస్థలకు కేంద్రం ఇచ్చే ఎన్ఐఆర్ఎఫ్ ర్యాంకుల్లో తొలి వందలో ఉంటేనే. అంటే పిల్లకు ర్యాంకు అక్కరలేని చోట కూడా సంస్థకు ర్యాంకు కావాలన్నమాట! కొత్తవి, చిన్నవి అందులో చోటు సంపాదించడం కష్టం కనుక, మిగిలేది విశ్వవిద్యాలయం ఇచ్చే ఆర్థిక సహాయమే. అది మొదటి ఏడాదికే ఇస్తారా, నాలుగేళ్లూ కొనసాగుతుందా, మార్కులు తగ్గితే ఆపేస్తారా అన్నవి చేరకముందే రాతపూర్వకంగా తెలుసుకోవాలి. ట్యూషన్ ఫీజులో రాయితీ వచ్చినా హాస్టల్, భోజనం ఖర్చు పూర్తిగా మన మీదే పడవచ్చు.

ఒరిజినల్ సర్టిఫికెట్ల గురించి కూడా ఒక మాట చెప్పాలి. కొన్నేళ్ల క్రితం మా తమ్ముడి కొడుకు ఒక ఇంజినీరింగ్ కళాశాలలో చేరి, నెల తిరగకముందే మరోచోట సీటు రావడంతో మానేస్తానంటే, నాలుగేళ్ల ఫీజు కడితేనే టీసీ, మార్కుల జాబితాలు ఇస్తామన్నారు. యూజీసీ 2018 నాటి ప్రకటన ప్రకారం ఒరిజినళ్లను అట్టిపెట్టుకోకూడదు. ప్రవేశాల చివరి తేదీకి 15 రోజుల ముందే విరమించుకుంటే స్వల్ప రుసుము మినహాయించి ఫీజు మొత్తం తిరిగి ఇవ్వాలి, ఆలస్యమయ్యేకొద్దీ ఆ శాతం తగ్గుతుంది. మాకు అప్పట్లో ఈ సంగతి తెలియక మూడు నెలలు తిరిగాము.

మా పిల్ల వ్యాసం మూడుసార్లు రాసింది. మొదటిది దేశసేవతో మొదలై నాయకత్వ లక్షణాలతో ముగిసింది, దాన్ని పక్కన పెట్టించాను. ఇంట్లో రోజూ వినే మాటలు రాయమన్నప్పుడు, పులికాట్ సరస్సు ముఖద్వారం రాయదొరువు దగ్గర ఇసుక మేటలు వేయడం, సముద్రపు నీరు లోపలికి రాక రొయ్య తగ్గడం, పక్కింటివాళ్లు వేట మానేసి శ్రీసిటీ కంపెనీల్లో కాపలా ఉద్యోగాలకు పోవడం రాసింది. అది చదివి వినిపిస్తుంటే మా బావగారు మధ్యలో ఆపి రెండు తప్పులు దిద్దారు, తన చిన్ననాడు ముఖద్వారంలో నీరు ఎంత లోతు ఉండేదో చెప్పారు, అది కూడా రాయమన్నారు. తరువాత నావైపు తిరిగి, ఇంటర్వ్యూలో పిల్లకు ఇంగ్లిష్ మాట తట్టకపోతే తెలుగులో చెప్పనిస్తారా అని అడిగారు. ఆ ప్రశ్నను అడ్మిషన్ల కార్యాలయానికి రాసి పంపాను, జవాబు రావలసి ఉంది.