అస్సీసిలో మా అలకలు, పౌలుగారి జాబితా

ఇటలీలో రోము, అస్సీసి చూడటానికి మేం చేసిన ఈ యాత్రకి మా ఫాదర్ గారు పెట్టిన ధ్యానాంశం "ఆత్మానుసారం జీవించడం". రోజూ రాత్రి భోజనాలయ్యాక ఒక వాక్యభాగం చదివి కాసేపు మాట్లాడేవారు. నేను ఊహించింది మామూలు ప్రసంగమే. ఉపవాసం చేయండి, నోరు కట్టుకోండి, కళ్ళని అదుపులో పెట్టుకోండి, అంతే కదా అనుకున్నాను. రోములో ఉండగా ఒక రాత్రి ఆయన బైబిల్లో పౌలుగారు గలతీయులకు రాసిన లేఖ ఐదో అధ్యాయం తెరిచి, 19 నుంచి 21 దాకా చదివి, అందరికీ తలా ఒక కాగితం ఇచ్చారు. "శరీరకార్యాలు అని పౌలుగారు ఎన్ని చెప్పారో లెక్కపెట్టండి. రకాలవారీగా విడదీయండి" అన్నారు.

లెక్క 15 దగ్గర తేలింది. కామానికి సంబంధించినవి మూడు. విగ్రహారాధన, మంత్రతంత్రాలు కలిపి రెండు. తాగుడు, తాగి చేసే గోల ఇంకో రెండు. మిగిలిన ఎనిమిదీ ఏమిటంటే శత్రుత్వం, కలహం, అసూయ, కోపం, స్వార్థం, విభేదాలు, వర్గాలు, ఓర్వలేనితనం. సగానికి పైగా మనిషికీ మనిషికీ మధ్య జరిగేవే. ఒంటరిగా గుహలో కూర్చున్నవాడికి వీటిలో చాలా వాటికి అవకాశమే ఉండదు, పక్కన ఇంకొకడు ఉండాలి.

ఆ రాత్రి గదిలో ఎవరూ పెద్దగా మాట్లాడలేదు. దానికి కారణం ఉంది. మా బృందంలో ఇద్దరి మధ్య అప్పటికే మాటల్లేవు. ఒకరు రిటైరైన హెడ్మాస్టరు గారు, ఇంకొకరు హెడ్ నర్సుగా చేసి రిటైరైన అక్క. బసలో లిఫ్టు పక్క గది ఎవరికి అనే దగ్గర మొదలైంది. ఎవరి మోకాళ్ళు ఎక్కువ నొప్పి, ఎవరు ముందు పేరిచ్చారు, ఫాదర్ గారి దగ్గర ఎవరికి చనువెక్కువ అనేదాకా పాకింది. ఇద్దరూ దివ్యపూజ ఒక్కరోజు మానని వాళ్ళు. జపమాల ముందుండి చెప్పించేది కూడా వాళ్ళే. గొడవ తర్వాత కూడా చెప్పించారు, ఒకరు సగం, ఇంకొకరు సగం. అది చూడటానికి వింతగా ఉండేది. మేమంతా టెన్షన్‌గా తలవంచుకుని "మరియమ్మా" అనేవాళ్ళం.

ఆ జాబితా చెవుల్లో మోగుతుండగా అస్సీసి రైలెక్కాం.

అస్సీసి స్టేషన్ ఊళ్ళో ఉండదు. ఊరు సుబాసియో కొండ వాలు మీద ఉంటే, స్టేషన్ కింద మైదానంలో, సాంతా మరియా దెల్యీ ఆంజెలి దగ్గర ఉంటుంది. అక్కడి బసిలికా అనే పెద్ద గుడి కట్టడం 1569లో మొదలుపెట్టి 1679లో ముగించారు. లోపలికి వెళ్ళాక అంత పెద్ద గోపురం కింద చిన్న రాతి గుడి కనిపిస్తుంది. అదే పోర్సియుంకులా. ఈ అస్సీసివాడే అయిన పునీత ఫ్రాన్సిస్ గారు తన చేతులతో బాగుచేసుకున్న గుడి, ఆయన సోదరుల సభకు పుట్టిల్లు. పట్టుమని కొద్దిమందే పడతారు. దానికి కొన్ని అడుగుల దూరంలో ఆయన 1226 అక్టోబరు 3 సాయంత్రం నేలమీద పడుకుని కన్నుమూసిన చోటు ఉంది.

బసిలికా పక్కన గులాబి తోట చూపిస్తారు. శోధన తట్టుకోలేక ఫ్రాన్సిస్ గారు ముళ్ళపొదలో దూకితే ఆ మొక్కలకు ముళ్ళు రాలిపోయాయని ఐతిహ్యం. మా వాళ్ళు అక్కడే ఎక్కువసేపు నిలబడ్డారు. నాకు మాత్రం ఆ కథలో ఒకటి గుచ్చుకుంది. ఆత్మానుసారం బతకడం అంటే ఒంటిని హింసించడమే అని మనం స్థిరపరుచుకోవడానికి ఇలాంటి కథలే కారణమేమో. యాత్రికులకి ఈ భ్రమ ఇంకా ఎక్కువ. కొండెక్కాం, కాళ్ళు బొబ్బలెక్కాయి, కాబట్టి ఎదిగాం అనుకుంటాం. బొబ్బలు బొబ్బలే.

ఇదే మాట ఫాదర్ గారితో అంటే ఆయన నవ్వి, ఆ కథకి జోడీగా ఇంకొకటి గుర్తుపెట్టుకోమన్నారు. ఫ్రాన్సిస్ గారు తన శరీరాన్ని గాడిద అన్నయ్య అని పిలిచేవారు. దానికి తిండీ నిద్రా తక్కువ చేసి కష్టపెట్టారు. చివరికొచ్చేసరికి, ఈ శరీర సోదరుడికి నేను చాలా అన్యాయం చేశానని ఒప్పుకున్నారట. ఆయన సహచరుల జ్ఞాపకాల్లో ఈ విషయం ఉంది. నిజానికి శ్రీసభ, అంటే మా కతోలిక సంఘం, ఎప్పుడూ శరీరం చెడ్డదని బోధించలేదు. దేవుడు సృష్టించాడు, క్రీస్తు ధరించాడు, అంత్యదినాన లేపుతాడు. పౌలుగారు వద్దన్నది దేవుణ్ని పక్కనబెట్టి 'నేను, నాది' అంటూ తిరిగే స్వభావాన్ని. జ్ఞానస్నానంలో పాపం కడుక్కుపోయినా ఆ వంపు మాత్రం మనలో మిగిలే ఉంటుంది. దానితో పోరాటం బతికినంతకాలం.

మరునాడు పై ఊళ్ళో సాంతా మరియా మజ్జోరే గుడికి వెళ్ళాం. పూర్వం అస్సీసి కతీడ్రల్ ఇదే, పక్కనే బిషప్ గారి నివాసం. 1206లో ఫ్రాన్సిస్ గారు తండ్రి ముందు బట్టలు విప్పేసిన సంఘటన ఈ ఆవరణలోదే. 2017లో దీన్ని ఆ పేరుతోనే పుణ్యక్షేత్రం చేశారు. ఈ కథ మనందరికీ తెలిసిందే, కానీ సగమే తెలుసు. తండ్రి పియెత్రో బెర్నార్దోనే బట్టల వ్యాపారి. కొడుకు కొట్లోని విలువైన బట్టలు గుర్రంమీద ఫోలిన్యో తీసుకెళ్ళి అమ్మాడు, గుర్రాన్ని కూడా అమ్మేశాడు. ఆ డబ్బు సాన్ దమియానో గుడి బాగుకి ఇవ్వబోయాడు. తండ్రి బిషప్ గారి దగ్గర పంచాయితీ పెట్టాడు. బిషప్ గారు కొడుకు పక్షాన మాట్లాడలేదు. ఆ డబ్బు నీది కాదు, తిరిగిచ్చెయ్ అన్నారు. గుడి కోసం తెచ్చిన డబ్బే అయినా.

నేనిక్కడ చాలాసేపు ఆగిపోయాను. భక్తిలో ఉన్నవాడికి ఇంతకంటే పెద్ద పరీక్ష ఉండదనిపించింది. దేవుడి పనికే కదా అని ఎదుటివాడి సొమ్మో, మాటో, పరువో తీసేసుకుంటాం. పైగా ధైర్యంగా ఉంటాం, ఎందుకంటే కారణం పవిత్రమైంది. ఫ్రాన్సిస్ గారు ముందు డబ్బు వెనక్కిచ్చారు, ఆ తర్వాతే బట్టలు. ఇకమీద నా తండ్రి పరలోకంలో ఉన్న తండ్రే అన్నారు. బిషప్ గారు తన పైవస్త్రం ఆయనకు కప్పారు. తండ్రి డబ్బూ బట్టలూ తీసుకుని ఇంటికి వెళ్ళిపోయాడు. ఫ్రాన్సిస్ గారి బసిలికా పై అంతస్తులో ఉన్న 28 కుడ్యచిత్రాల్లో ఈ ఘట్టం ఉంది. అందులో కొడుకు చేతులు పైకెత్తి ఉంటాడు, తండ్రి కోపంతో ముందుకురాబోతుంటే ఎవరో చెయ్యి పట్టుకుని ఆపుతుంటారు. నాకు ఆ తండ్రిమీద జాలి కలిగింది, దాచడమెందుకు.

పోపు ఫ్రాన్సిస్ గారు 2013 అక్టోబరు 4న, ఫ్రాన్సిస్ గారు బట్టలు విప్పిన ఆ చోటికి వచ్చి, శ్రీసభ విప్పేయాల్సింది లోకస్వభావాన్ని అని మాట్లాడారు. బిషప్పులూ కార్డినల్సే కాదు, జ్ఞానస్నానం పొందిన అందరూ అని. ఆ మాటలు గుర్తుచేసుకుంటూ బయటికి వస్తే, అదే గుడిలో పునీత కార్లో అకూతిస్ సమాధి దగ్గర పెద్ద క్యూ. జీన్స్, స్పోర్ట్స్ షూ వేసుకున్న 15 ఏళ్ళ అబ్బాయి. 2006లో లుకేమియాతో పోయాడు, 2025 సెప్టెంబరు 7న పునీతుడిగా ప్రకటించారు. కంప్యూటర్లు బాగా తెలిసినవాడు, దివ్యసత్ప్రసాద (పూజలో ఇచ్చే పవిత్రమైన అప్పం) అద్భుతాల గురించి వెబ్‌సైటు చేశాడు. ఒకే గుడిలో ఒకరు బట్టలు విప్పి పునీతుడైతే, ఇంకొకరు జీన్స్ వేసుకునే అయ్యాడు. మా బృందంలో ఇంటర్ చదివే అమ్మాయి ఈ మాట అంటే, పెద్దవాళ్ళం ఎవరం జవాబు చెప్పలేదు. నాకైతే ఆ పిల్ల సరిగ్గానే పట్టుకుందనిపించింది. బట్టల్లో లేదు సంగతి.

కొండమీద కార్చెరి ఆశ్రమానికి కూడా వెళ్ళాం. ఇరుకు మెట్లు, రాతి గుహలు, చుట్టూ అడవి. బాగుంది. మోకాళ్ళ నొప్పులవాళ్ళు ఇద్దరూ కిందే ఆగిపోయారు, ఒకే టాక్సీలో, మౌనంగా.

నేను మళ్ళీ వెళ్ళాలనుకునే చోటు సాన్ దమియానో. ఊరి గోడల బయట, ఆలివ్ తోటల మధ్య కిందికి దిగాలి. "నా ఇల్లు బాగుచెయ్" అని ఫ్రాన్సిస్ గారితో మాట్లాడిన సిలువ ఇక్కడిదే. అసలుది ఇప్పుడు ఫ్రాన్సిస్ గారి శిష్యురాలు పునీత క్లారా గారి బసిలికాలో ఉంది, ఇక్కడ నకలు పెట్టారు. క్లారా గారు తన సోదరీమణులతో ఉండి 1253లో చనిపోయింది ఈ చిన్న మఠంలోనే. ఆమె పడకచోటూ, భోజనాల గదీ చూస్తాం.

1225లో ఫ్రాన్సిస్ గారు ఇక్కడికి వచ్చేనాటికి దాదాపు చూపు పోయింది. వెలుగు తగిలితే కళ్ళు భరించలేవు. ఆ స్థితిలో సూర్యుణ్ని సోదరుడనీ, నీటిని సోదరి అనీ పిలుస్తూ సృష్టి స్తుతిగీతం కట్టారు. ఇది చాలామందికి తెలుసు. తర్వాత జరిగింది ఫాదర్ గారు చెప్పేదాకా నాకు తెలీదు. ఆ రోజుల్లో అస్సీసి బిషప్ గారికీ, ఊరి పాలకుడికీ పడలేదు. బిషప్ ఆయన్ని శ్రీసభ నుంచి వెలివేస్తే, ఆయన బిషప్‌తో ఎవరూ క్రయవిక్రయాలు చేయకూడదని చాటింపు వేయించాడు. మధ్యలో పడి రాజీ చేసేవాడు లేడు. ఫ్రాన్సిస్ గారు మంచం మీద నుంచే పాటకి ఒక చరణం జోడించారు. నీ ప్రేమకోసం క్షమించేవారి ద్వారా, రోగాన్నీ బాధనీ భరించేవారి ద్వారా నీకు స్తుతి అని. ఇద్దరినీ ఒకచోటికి పిలిపించి, సోదరులతో ఆ పాట పాడించారు. వాళ్ళు ఏడ్చి, క్షమాపణలు చెప్పుకుని, కౌగిలించుకున్నారు. తాను మాత్రం అక్కడికి వెళ్ళలేదు. వెళ్ళే ఓపిక లేదు.

ఫాదర్ గారు ఇది చెప్పి ఊరుకున్నారు. గలతీయుల లేఖ ఊసెత్తలేదు, ఎవరివైపూ చూడలేదు. నేనే మనసులో అదే అధ్యాయం 22, 23 వచనాలు తెరుచుకున్నాను, ఆత్మ ఫలాలని పౌలుగారు చెప్పినవి. ప్రేమ, ఆనందం, శాంతి, సహనం, దయ, మంచితనం, విశ్వసనీయత, సాత్వికత, నిగ్రహం. శ్రీసభ పాత లాటిన్ పాఠాన్ని అనుసరించి వీటిని 12 గా చెప్తుంది. తొమ్మిది అనుకున్నా పన్నెండు అనుకున్నా, వీటిలోనూ ఎక్కువ భాగానికి పక్కన ఇంకొక మనిషి కావాలి. మొదటి జాబితాలోని ఆ ఎనిమిది పుట్టేచోటే ఇవీ పండాలి. వేరే పొలం లేదు.

అక్కడ ఎవరూ కౌగిలించుకోలేదు. పైకి ఎక్కేటప్పుడు హెడ్మాస్టరు గారు అక్క సంచి తీసుకున్నారు. ఆవిడ వద్దనలేదు, థాంక్స్ కూడా చెప్పలేదు.

ఆఖరి రోజు పొద్దున్నే మళ్ళీ పోర్సియుంకులాకి దిగాం. 1216లో ఫ్రాన్సిస్ గారు మూడో హొనోరియుస్ పోపుగారిని అడిగి ఈ గుడికి క్షమాపణ వరం సంపాదించారని సంప్రదాయం. మామూలు విచారణ గుడుల్లో (మన ఊరి గుడుల్లాంటివి) ఆగస్టు 2న దొరికే ఈ పరిపూర్ణ ఫలం, అంటే క్షమించబడిన పాపాలకు మిగిలిన శిక్ష పూర్తిగా తొలగించే వరం, ఇక్కడ ఏడాదిలో ఏ రోజైనా పొందవచ్చు. మనకోసమైనా, చనిపోయినవారి కోసమైనా. ఫాదర్ గారు షరతులు చెప్పారు. పాపసంకీర్తనం (గురువు దగ్గర పాపాలు ఒప్పుకోవడం) చేయాలి, దివ్యసత్ప్రసాదం స్వీకరించాలి, విశ్వాససంగ్రహం, పరలోక జపం చెప్పాలి, పోపుగారి ఉద్దేశాల కోసం ప్రార్థించాలి. "ఇంకొకటుంది. ఏ పాపం మీదా, అల్పపాపం మీద కూడా, మమకారం ఉండకూడదు."

"అలా కుదరకపోతే, ఫాదర్?" అంది అక్క.

"అప్పుడు పాక్షికం."

"అయితే నాకు పాక్షికమే రాసుకోండి. నా మనసు నాకు తెలుసు కదా."

అందరం నవ్వాం. ఫాదర్ గారు నవ్వుతూనే, పాక్షికం అంటే చిన్నతనం కాదమ్మా, ఆ మాట నిజంగా చెప్పగలిగారంటే పవిత్రాత్మ పని అప్పుడే మొదలైనట్టు అన్నారు. హెడ్మాస్టరు గారు గొంతు సవరించుకుని, "నాది కూడా అందులోనే కలపండి" అన్నారు.

ఇంగ్లీషులో పాపసంకీర్తనం వినే గురువు దగ్గర అప్పటికే లైను ఉంది. వీళ్ళిద్దరూ ఒకరి వెనక ఒకరు చేరారు. తమ వంతు వచ్చేసరికి, "మీరు వెళ్ళండమ్మా" అంటే "లేదు మాస్టారూ, పెద్దవారు, మీరే ముందు" అని, ఇద్దరూ అక్కడే నిలబడిపోయారు. వెనకాల లైను కదలడం లేదు. చివరికి ఫాదర్ గారు వచ్చి, "ఎవరో ఒకరు వెళ్ళండి బాబూ, పూజకి పది నిమిషాలే ఉంది" అన్నారు.