దుమ్ము కోసం ఎదురుచూసిన రెండు రోజులు

ఉరవకొండ దగ్గర వేరుశనగ చేల మధ్య మా లైడార్‌ను, అంటే లేజర్‌తో గాలి వేగం కొలిచే యంత్రాన్ని, దింపి ఆరు వారాలైంది. చూడటానికి ఒక తెల్లటి పెట్టె, అంతే. కాపలా ఉండే పెద్దాయన మొదటి రోజే అడిగారు: "అమ్మా, గాలిని కొలిచేదైతే తిరిగే కప్పులేవి?" పక్కనే 100 మీటర్ల స్తంభం మీద కప్పులు గిరగిరా తిరుగుతుంటే అడగరా మరి!

ఇందులో తిరిగేదేమీ లేదు. కంటికి కనబడని పరారుణ లేజర్‌ను పైకి వదులుతుంది. నాలుగు కిరణాలు నాలుగు దిక్కులకు 28 డిగ్రీల వాలుతో పోతాయి, ఐదోది నిట్టనిలువుగా. గాలిలో తేలే ధూళికి తగిలి ఆ వెలుగులో రవ్వంత వెనక్కి వస్తుంది. ఎంతసేపటికి వచ్చిందన్నదాన్ని బట్టి ఎత్తు తెలుస్తుంది. ధూళి గాలితోపాటే కదులుతుంది కాబట్టి తిరిగొచ్చిన వెలుగు పౌనఃపున్యం మారుతుంది. ఎంత? కిరణం వెంట సెకనుకు 1 మీటరు వేగానికి దాదాపు 15 కోట్లలో ఒక వంతు. అంత చిన్న తేడా పట్టుకోవడానికి, పంపే లేజర్‌లోనే కొంత అట్టిపెట్టి వచ్చినదానితో కలుపుతారు. తంబురా తీగలు రెండు కాస్త తేడాగా ఉంటే నాదం ఊగుతుంది కదా, అదే ఇక్కడా జరుగుతుంది. శ్రుతి చేసేవారు ఆ ఊగును పోగొడతారు, మేము లెక్కపెడతాం.

నాలుగో వారంలో ఒక రాత్రి కుండపోత వాన. తెల్లవారి కొలతల పట్టిక చూస్తే 60 మీటర్ల ఎత్తు దగ్గర అంకెలు ఉన్నాయి, 140 దాటాక అన్నీ ఖాళీ గడులే. అనంతపురం నుంచి పరుగెత్తుకెళ్లి అద్దం తుడిచాను, తీగలు ఊడదీసి మళ్లీ బిగించాను. యంత్రం అమ్మినవారికి ఫోను చేస్తే ఆపి మళ్లీ వేయమన్నారు. వేశాను. ఏమీ మారలేదు.

యంత్రం బాగానే ఉంది. వాన గాలిని కడిగేసింది. వెలుగును తిప్పి పంపడానికి పైన తగినంత ధూళి లేదు. నమ్మదగిన సంకేతం లేనప్పుడు ఏదో ఒక అంకె వేయకుండా గడిని ఖాళీగా వదిలేసింది చూడండి, ఆ గుణం నాకు నచ్చింది. వేగంలో 3 శాతం పొరపాటు పడితే గాలిలోని శక్తి లెక్కలో అది 9 శాతం దాటుతుంది. గాలిమరలు పెట్టేవారు అప్పు తెచ్చుకునేది ఈ అంకెలు చూపించే.

(దీన్ని కొండ మీదికి మార్చుదామని మా బృందంలో ఒకరి పట్టు. 100 మీటర్ల ఎత్తులో ఎదురెదురు కిరణాల మధ్య ఎడం 106 మీటర్లు. అంతమేరా గాలి ఒకేలా వీస్తోందని యంత్రం అనుకుంటుంది. చేలో సరే, కొండవాలులో ఒక పక్క ఎక్కే గాలి, మరో పక్క దిగే గాలి. నేను ఒప్పుకోలేదు.)

అనంతపురంలో పుట్టి పెరిగినదాన్ని, రోజుకు రెండుసార్లు గుమ్మం తుడుస్తూ దుమ్మును తిట్టుకునే ఇల్లు మాది. అలాంటిది రెండు రోజులు దుమ్ము కోసం ఎదురుచూశాను. మూడో రోజు మధ్యాహ్నం పెద్దాయన ఫోను: "అమ్మా, నేల ఆరింది. ట్రాక్టర్లు పోతుంటే ఎర్రగా లేస్తోంది. మీకు పైన కనబడుతోందా?"

160 మీటర్ల గడి అప్పుడే నిండుతోంది.