సౌండు కొంచెం పెంచండి

మన బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో పొద్దున్నే దేవుడి బొమ్మలు, మనవల ఫొటోలు, మోకాళ్ల నొప్పులకు చిట్కాలు వస్తాయి. రాత్రి భోజనాలయ్యాక మాత్రం ఎవరో ఒకరు ఇంగ్లండు రాక్ బృందం డీప్ పర్పుల్ పాత కచేరీ వీడియో ఒకటి పెడతారు. ఇక అంతే. హ్యూస్టన్ నుంచి ఒకరు, విజయవాడ నుంచి ఒకరు, ఎప్పుడూ నోరు విప్పని వాళ్లు కూడా మాట్లాడటం మొదలుపెడతారు. డెబ్బై దాటిన వాళ్లం, గిటార్ ఎవరు బాగా వాయించారన్న విషయం మీద పట్టుదలగా వాదించుకుంటాం. స్వర్ణోత్సవ సంచికకు ఏదైనా రాయమంటే నాకు ఇదే రాయాలనిపించింది.

1971లో మనం వరంగల్ ఆర్‌ఈసీ, అంటే రీజినల్ ఇంజినీరింగ్ కాలేజీలో చేరేనాటికి నాలాంటి వాడికి పాటంటే ఘంటసాల, సుశీల. మా ఊళ్లో ఇంగ్లీషు పాట విన్నవాళ్లే లేరు. అయితే ఆర్‌ఈసీల్లో సగం సీట్లు సొంత రాష్ట్రం వాళ్లకు, సగం బయటి రాష్ట్రాల వాళ్లకు ఇచ్చేవారు కదా. ఆ పద్ధతి పెట్టినవాళ్లు సంగీతం గురించి ఆలోచించి ఉండరు గానీ, మన హాస్టళ్లకు రాక్ సంగీతం వచ్చింది ఆ దారిలోనే. ఢిల్లీ కుర్రాళ్లు జీటీ ఎక్స్‌ప్రెస్‌లో కాజీపేటలో దిగేవారు. కలకత్తా, షిల్లాంగ్ వాళ్లు రెండు మూడు రైళ్లు మారి వచ్చేవారు. వాళ్ల ట్రంకు పెట్టెల్లో దుప్పట్ల మధ్య ఎల్పీ రికార్డులు ఉండేవి. గ్రామఫోన్ కంపెనీ వాళ్ల ఫ్యాక్టరీ కలకత్తా దమ్‌దమ్‌లోనే ఉండేది. బీటిల్స్ రికార్డులు అక్కడే తయారయ్యేవి. అందుకే మన కలకత్తా మిత్రుడి దగ్గర అందరికంటే ఎక్కువ రికార్డులు ఉండేవి.

నేను విన్న మొదటి ఎల్పీ, బంగ్లాదేశ్ శరణార్థుల కోసం బీటిల్స్ జార్జ్ హారిసన్, సితార్ విద్వాంసుడు రవిశంకర్ కలిసి న్యూయార్క్‌లో చేసిన కచేరీది. 1971 ఆగస్టు 1న మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో జరిగింది. మూడు రికార్డుల సెట్టు. అందులో మొదట రవిశంకర్, అలీ అక్బర్ ఖాన్, అల్లా రఖా వాద్యాలు శ్రుతి చేసుకుంటుంటే జనం అదే కచేరీ అనుకుని చప్పట్లు కొడతారు. మా గదిలో అందరూ అక్కడ నవ్వేవారు, కలకత్తా మిత్రుడు తప్ప. ఆ ఏడాది తూర్పు బెంగాల్ నుంచి మన దేశానికి దాదాపు కోటిమంది వచ్చారు. వాళ్లలో కొందరిని అతను తన వీధి చివర్లోనే చూశాడు. తర్వాత ఎరిక్ క్లాప్టన్, బాబ్ డిలాన్ వస్తారు. ఈ పాటలు అమెరికా వాళ్ల సరదా కోసం కాదని, మన పొరుగున జరిగిన ఘోరం కోసం పాడుతున్నారని అప్పుడు అర్థమైంది. ఆ అభిప్రాయం నాలో ఇప్పటికీ మారలేదు. రాక్ సంగీతమంటే పిల్లల గోల అని ఎవరన్నా నాకు ఆ రికార్డే గుర్తొస్తుంది.

అది వరంగల్ అని కూడా మర్చిపోకూడదు. ఒక గదిలో శ్రీశ్రీ కవితలు, విప్లవ గీతాలు నడుస్తుంటే పక్క గదిలో లెడ్ జెప్పెలిన్ బృందం రాక్ పాటలు నడిచేవి. రెండు గదుల్లోనూ ఒకే ముఖాలు కనబడేవి. వియత్నాం యుద్ధం ఇంకా జరుగుతోంది. కోపం రెండు గదుల్లోనూ ఉండేది, భాషలు వేరు, అంతే.

డీప్ పర్పుల్ ‘మెషీన్ హెడ్’ 1972లో వచ్చింది. మన హాస్టల్‌కు చేరడానికి మరికొంత కాలం పట్టింది. ‘స్మోక్ ఆన్ ది వాటర్’ పాట వెనక కథ మనలో చాలామందికి తెలుసు, తెలియని సహధర్మచారిణుల కోసం రాస్తున్నాను. 1971 డిసెంబరు 4న స్విట్జర్లాండ్‌లోని మాంట్రో కాసినోలో అమెరికా రాక్ సంగీతకారుడు ఫ్రాంక్ జాప్పా కచేరీ జరుగుతుంటే, శ్రోతల్లో ఒకడు ఫ్లేర్ గన్, అంటే మండే సిగ్నల్ గుండు వదిలే తుపాకి, పేల్చాడు. భవనం మొత్తం కాలిపోయింది. కచేరీ అయ్యాక అదే చోట ఆల్బమ్ రికార్డు చేసుకుందామని వచ్చిన డీప్ పర్పుల్ వాళ్లు, జెనీవా సరస్సు మీద పరుచుకున్న పొగను చూశారు. చివరికి మూతబడి ఉన్న గ్రాండ్ హోటల్లో చేరి, రోలింగ్ స్టోన్స్ అనే ఇంకో రాక్ బృందం వాళ్ల రికార్డింగ్ వ్యాను తెచ్చుకుని ఆల్బమ్ పూర్తిచేశారు. పాటలో ఉన్నదంతా ఈ కథే, వార్త చదివినట్టు చెప్పేస్తారు. ఇంజినీరింగ్ చదివే మాకు అది ఎంత నచ్చిందో చెప్పలేను. పని ఆగిపోకూడదు, దొరికిన చోటే చేసుకోవాలి.

మూతలోనే స్పీకరు ఉండే చిన్న ప్లేయర్ మీద వినేవాళ్లం. సూది అరిగిపోతే కొత్తది హైదరాబాద్ నుంచి రావాలి. ఫైనలియర్ వచ్చేసరికి ఒక సీనియర్ అన్నయ్య దగ్గర క్యాసెట్ రికార్డర్ చేరింది. ప్లేయర్ ముందు దాన్ని పెట్టి అందరం ఊపిరి బిగబట్టి కూర్చుని పాటలు ఎక్కించుకున్నాం. ఎంత జాగ్రత్తపడినా ఫ్యాను చప్పుడు పడేది. పింక్ ఫ్లాయిడ్ బృందం క్యాసెట్లో, ‘టైమ్’ పాట మొదట్లో గడియారాలు మోగబోయే ముందు ఎవరో దగ్గారు. ఆ క్యాసెట్ నాతోపాటు భిలాయ్ వెళ్లింది, విశాఖ వెళ్లింది, చివరికి టేపు నలిగిపోయింది. ఇప్పుడు ఫోన్లో అదే ఆల్బమ్ ఎంతో శుభ్రంగా వినబడుతుంది. అయినా గడియారాలకు ముందు ఆ దగ్గు కోసం నా చెవి ఇప్పటికీ ఎదురుచూస్తుంది. దగ్గినవాడు ఎవరో మనలో చాలామందికి తెలుసు. ఇప్పుడు అతను లేడు.

“ఈ వయసులో ఈ పాటలేంటండీ?” అని అపార్ట్‌మెంట్లో అడుగుతారు. సాయంత్రం ప్రవచనానికి కూడా వెళతాను, అక్కడ ఈ ప్రశ్న ఎవరూ వేయరు. మా నాన్నగారు ఎనభై ఏళ్ల వయసులో కూడా తన కుర్రతనం నాటి నాటక పద్యాలు పాడుకునేవారు. ఊళ్లో అందరూ ముచ్చటపడ్డారు తప్ప, వయసుకు తగ్గ పద్యాలు పాడుకోమని ఎవరూ అనలేదు. మా తరానికి దొరికింది గిటార్. నాన్నగారికి పద్యం ఎంత సొంతమో మాకు ఇదీ అంత సొంతమే.

మనిషికి పదేళ్ల నుంచి ముప్ఫై ఏళ్ల లోపు జరిగినవే ఎక్కువగా గుర్తుంటాయని మనస్తత్వ శాస్త్రజ్ఞులు చెబుతారు. నిజమే. కానీ నా విషయంలో అది సగం కారణమే. జ్ఞాపకం కోసమే అయితే పాతవి మాత్రమే వినాలి కదా. 2024లో డీప్ పర్పుల్ కొత్త ఆల్బమ్ విడుదల చేస్తే దాన్ని వచ్చిన వారంలోనే విన్నాను. పాడిన ఇయాన్ గిల్లన్ పుట్టింది 1945లో. కుర్రవాడిగా ఉన్నప్పటి కేకలు ఇప్పుడు పెట్టడు, గొంతు అందే చోటే పాడతాడు, మాట స్పష్టంగా వినిపిస్తాడు. ఆ తగ్గించుకోవడంలో ఒక అందం ఉంది. ఇరవై ఏళ్ల వయసులో నాకు అది తెలిసేది కాదు. డ్రమ్స్ వాయించే ఇయాన్ పేస్ 1968లో బృందం పుట్టినప్పటి నుంచీ ఉన్నాడు. ఆయన 1948లో పుట్టాడు. అంటే మనకు అన్నయ్య వరస. అన్నయ్య ఇంకా పనిలో ఉంటే తమ్ముళ్లం వినడం మానేయాలా?

2003 ఏప్రిల్‌లో రోలింగ్ స్టోన్స్ బెంగళూరు వచ్చినప్పుడు మన బ్యాచ్ వాళ్లం కొందరం ప్యాలెస్ గ్రౌండ్స్‌కు వెళ్లాం. వాన పడింది. ఎవరూ కదల్లేదు. వాళ్ల గాయకుడు మిక్ జాగర్‌కు అప్పటికి అరవై దగ్గరపడ్డాయి, స్టేజీ ఆ చివర నుంచి ఈ చివరకు పరుగెడుతూనే ఉన్నాడు. మా చుట్టూ ఉన్న కుర్రాళ్లు “అంకుల్, ముందుకు రండి” అని దారి ఇచ్చారు.

ఇక చెవుల సంగతి. ఇది మనలో చాలామందికి పనికొస్తుంది కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. వయసుతో ముందుగా పోయేది సన్నని, పై స్థాయి శబ్దాలు వినే శక్తి. నా పరీక్షలో 4,000 హెర్ట్జ్ దాటాక గీత కిందికి జారిపోయింది. సింబల్స్, అంటే డ్రమ్స్‌తో ఉండే లోహపు పళ్లేల మెరుపంతా అక్కడే ఉంటుంది. పేస్ వాయిస్తున్నాడని తెలుస్తోంది గానీ, ఆ మెరుపు లేదు. హియరింగ్ ఎయిడ్ పెట్టుకున్నాక కొత్త తలనొప్పి మొదలైంది. డీప్ పర్పుల్ జాన్ లార్డ్ ఆర్గాన్ మీద స్వరాన్ని పొడుగ్గా పట్టినప్పుడల్లా అది వణికిపోయేది. ఆ మిషన్లు మనుషుల మాటల కోసం తయారైనవట. పొడవైన స్వరం వస్తే, తమలోంచి వచ్చే కూత అనుకుని దాన్ని నొక్కేయాలని చూస్తాయట. ఆడియాలజిస్ట్ అమ్మాయికి విషయం చెబితే, ఫోన్లో పాట పెట్టమని, తనూ విని, కూతను అణిచే ఏర్పాటు ఆపేసి సంగీతానికి వేరే ప్రోగ్రామ్ పెట్టింది. “ఏం పాట సార్ ఇది, బాగుంది” అంది. కాబట్టి హియరింగ్ ఎయిడ్ పెట్టుకున్నాక పాటలు బాగుండటం లేదని మానేసినవాళ్లు, మ్యూజిక్ ప్రోగ్రామ్ ఉందేమో అడగండి. అడగకపోతే ఎవరూ చెప్పరు. హెడ్‌ఫోన్స్‌లో సౌండు మాత్రం అదుపులో పెట్టుకోండి. ఏసీ/డీసీ రాక్ బృందం గాయకుడు బ్రయాన్ జాన్సన్ వినికిడి దెబ్బతిని 2016లో టూర్ మధ్యలో ఆపేయాల్సి వచ్చింది.

డాలస్‌లో మా మనవరాలు గిటార్ నేర్చుకుంటోంది. మొన్న వీడియో కాల్‌లో “తాతయ్యా, ఈ ముక్క విను” అంటూ వాయించింది. గిటార్ పట్టిన ప్రతి పిల్లా మొదట వాయించే ముక్క అదే, ఆ మాంట్రో పొగ పాటది. ఆ పాటకు గిటార్ వాయించిన బ్లాక్‌మోర్ దాన్ని పిక్‌తో, అంటే తీగలు మీటే చిన్న బిళ్లతో వాయించడు, రెండు తీగలనూ వేళ్లతో ఒకేసారి లాగుతాడు, అలా చేసి చూడమన్నాను. చేసింది. “నీకెలా తెలుసు తాతయ్యా?” అంది. వాళ్ల నాన్నకు కూడా అప్పటిదాకా తెలియదు. ఆ రాత్రి మా అబ్బాయికి హాస్టల్ గది, ప్లేయర్, కలకత్తా మిత్రుడు, అన్నీ చెప్పాను. వాడు మధ్యలో ఒక్కసారి కూడా ఫోన్ వంక చూడలేదు.

డిసెంబరు కలయికలో కార్యక్రమాల పట్టిక చూశాను. సన్మానాలు, క్యాంపస్ దర్శనం, సాంస్కృతిక కార్యక్రమం అన్నీ ఉన్నాయి. రెండో రోజు రాత్రి భోజనాల తర్వాత ఏమీ లేదు, ఆ సమయం మాకు ఇవ్వమని కమిటీని అడిగాను, సరేనన్నారు. రికార్డ్ ప్లేయర్ నేను తెస్తాను, సూది కొత్తది వేయించాను. స్పీకర్లు హైదరాబాద్ మిత్రులు తెస్తున్నారు. మీ అటకల మీద ఎల్పీలు మిగిలి ఉంటే తీసుకురండి, గీతలు పడ్డా ఫర్వాలేదు. నిలబెట్టి సర్దండి, ఒకదాని మీద ఒకటి పడుకోబెడితే వంగిపోతాయి. ఇంట్లోవాళ్లను కూడా తప్పకుండా తీసుకురండి, మా ఆవిడ వస్తోంది. బంగ్లాదేశ్ కచేరీ మొదటి రికార్డు మాత్రం నా దగ్గర లేదు. అది ఎవరి దగ్గరుందో ముందే గ్రూపులో చెబితే, దానితోనే మొదలుపెడదాం.