ఐఎంఏ సభ్యత్వం: ఫారం ఇచ్చిన రోజు నుంచి నంబరు చేతికొచ్చేదాకా

ఇండియన్ మెడికల్ అసోసియేషన్ (ఐఎంఏ) జీవిత సభ్యత్వ ఫారంలో మొదటి గడి పేరు. నా ఫారం తిరిగొచ్చింది ఆ గడి దగ్గరే. పదో తరగతి మెమోలో ఇంటిపేరు పూర్తిగా, పేరుకు ముందు ఉంది. ఎంబీబీఎస్ పట్టాలో ఇంటిపేరు పొడి అక్షరమైంది. ఆధార్‌లో అదే ఇంటిపేరు చివరికి వెళ్ళింది. మూడూ ఒకే మనిషివని మన ఊళ్ళో ఎవరైనా చెబుతారు. ఎక్కడో కూర్చుని స్కాన్ కాపీలు సరిపోల్చి చూసే మనిషికి అవి మూడు వేరు పేర్లు.

డాక్టర్లను నమోదు చేసే రాష్ట్ర మెడికల్ కౌన్సిల్ రిజిస్టర్లో పేరు ఎలా ఉందో అక్షరం పొల్లుపోకుండా ఫారంలో అలాగే రాయాలి. ఆధార్ ప్రకారం కాదు, క్లినిక్ బోర్డు మీద రాయించుకున్న ప్రకారం అసలే కాదు. మిగతా కాగితాల్లో తేడా ఉంటే, ఈ పేర్లన్నీ ఒకే వ్యక్తివని నోటరీ అఫిడవిట్ ఒకటి చేయించి జతపరిస్తే నా పని జరిగింది. పెళ్ళయ్యాక ఇంటిపేరు మారిన డాక్టర్లకు మాత్రం అఫిడవిట్‌తో పని పూర్తి కాదు. కొత్త పేరు కావాలంటే ముందు కౌన్సిల్ రిజిస్టర్లో మార్పించుకోవాలి, లేదంటే పాత పేరుతోనే చేరాలి. నేషనల్ మెడికల్ కమిషన్ 2024 ఆగస్టులో తెరిచిన జాతీయ మెడికల్ రిజిస్టర్ కూడా ఆధార్‌తో ముడిపడినదే. కాబట్టి పేర్ల తేడా ఈరోజు ఇక్కడ కాకపోతే రేపు అక్కడ అడ్డుపడుతుంది. ఒకసారి కూర్చుని అన్నీ సరిచేసుకుంటే మంచిది. ఈ పనికి పట్టిన సమయంలో సగం కూడా నాకు అసలు దరఖాస్తుకు పట్టలేదు.

కౌన్సిల్ వేరు, అసోసియేషన్ వేరు. చాలామంది జూనియర్లు ఈ రెంటినీ కలిపేసుకుంటారు. కౌన్సిల్ చట్టం ప్రకారం ఏర్పడింది, అందులో రిజిస్ట్రేషన్ లేకుండా ప్రాక్టీసు చేయకూడదు. అసోసియేషన్ డాక్టర్లు స్వచ్ఛందంగా కట్టుకున్న సంఘం, 1928లో కలకత్తా వైద్య మహాసభలో పుట్టింది. చేరకపోయినా ప్రాక్టీసు ఆగదు. అయితే 2002 నాటి వైద్య నైతిక నియమావళి, వృత్తి పురోగతి కోసం డాక్టరు వైద్య సంఘాల్లో చేరి చురుగ్గా పాల్గొనాలని సూటిగానే చెబుతుంది. ఆ వాక్యం పక్కనే ఐదేళ్ళలో కనీసం 30 గంటల సీఎంఈ, అంటే డాక్టర్ల నిరంతర వైద్య విద్య, మాట కూడా ఉంది. పెద్దాసుపత్రిలో పనిచేసేవారికి ఆ గంటలు వాటంతటవే సమకూరుతాయి. ఒంటరిగా క్లినిక్ నడిపే ఫ్యామిలీ డాక్టరుకు బ్రాంచి సమావేశమే దిక్కు.

ఫారం తీసుకునే ముందు మీ రిజిస్ట్రేషన్ ఏ స్థితిలో ఉందో చూసుకోండి. ఆంధ్రప్రదేశ్ అయితే విజయవాడలోని కౌన్సిల్, తెలంగాణ అయితే హైదరాబాద్‌లోని కౌన్సిల్. ఇంటర్న్‌షిప్ కాలంలో ఇచ్చే ప్రొవిజనల్ రిజిస్ట్రేషన్ పనికిరాదు, శాశ్వత రిజిస్ట్రేషన్ ఉండాలి. విదేశాల్లో చదివినవారు స్క్రీనింగ్ పరీక్ష పాసై, ఇక్కడి ఇంటర్న్‌షిప్ ముగించి, శాశ్వత రిజిస్ట్రేషన్ తెచ్చుకున్నాకే అర్హులు. ఐదేళ్ళకోసారి రెన్యూవల్ ఉంటుంది. అది దాటిపోయిన సర్టిఫికెట్ నకలు పెడితే ఫారం పక్కన పడుతుంది. నాలాగా రాష్ట్ర విభజనకు ముందు ఉమ్మడి కౌన్సిల్లో నమోదై ఇప్పుడు తెలంగాణలో ప్రాక్టీసు చేస్తున్నవారు తమ నమోదు తెలంగాణ కౌన్సిల్లోకి మారిందో లేదో చూసుకోవాలి. వేరే రాష్ట్రం నుంచి వచ్చేవారికి అక్కడి కౌన్సిల్ ఇచ్చే ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం) కావాలి, అది రావడానికి పట్టే సమయాన్ని ముందే లెక్కలో వేసుకోండి.

అర్హత గురించి ఒక మాట. ఫారంలో రిజిస్టర్డ్ మెడికల్ ప్రాక్టీషనర్ అని ఉంటుంది. మన పల్లెల్లో ఆర్‌ఎంపీ అంటే పట్టా లేకుండా సూదిమందు వేసే మనిషి. చట్టంలో ఆ మాటకు అర్థం సరిగ్గా తలకిందులు: రాష్ట్ర కౌన్సిల్లో నమోదైన డాక్టరు. ఐఎంఏలోకి ఆధునిక వైద్యంలో గుర్తింపు పొందిన పట్టా ఉన్నవారినే తీసుకుంటారు. పీజీ అక్కర్లేదు, ఎంబీబీఎస్‌తో క్లినిక్ నడుపుతున్నవారికి పూర్తి సభ్యత్వమే వస్తుంది. 2023లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మొదలుపెట్టిన ఫ్యామిలీ డాక్టర్ కార్యక్రమం వేరు. అది పీహెచ్‌సీ డాక్టరు ఊళ్ళకు వెళ్ళే పద్ధతి, ఆ పేరుకూ ఈ సభ్యత్వానికీ సంబంధం లేదు. ఆ విధుల్లో ఉన్న డాక్టర్లు కూడా మామూలు ఎంబీబీఎస్ అర్హత మీదే చేరవచ్చు.

ఇక బ్రాంచి. ఐఎంఏలో మూడు అంతస్తులున్నాయి: ఊరి బ్రాంచి, రాష్ట్ర శాఖ, ఢిల్లీలో ఇంద్రప్రస్థ మార్గ్‌లోని కేంద్ర కార్యాలయం. మామూలు దారి ఊరి బ్రాంచి నుంచే మొదలవుతుంది. సొంతూరి బ్రాంచిలో చేరాలా, ప్రాక్టీసు చేసే ఊళ్ళో చేరాలా అన్న సందేహం చాలామందికి వస్తుంది. నా మటుకు ప్రాక్టీసు ఉన్నచోటే చేరాలి. రాత్రి పదింటికి క్లినిక్ ముందు గుంపు చేరితే పరిగెత్తుకు రాగలిగేది పక్క వీధి డాక్టరే కానీ, రెండొందల కిలోమీటర్ల అవతలున్న చిన్ననాటి స్నేహితుడు కాదు.

బ్రాంచి కార్యదర్శిని ఓపీ సమయంలో కలవకండి. ఆయనా ప్రాక్టీసు చేసుకునే డాక్టరే, సంఘం పని ఆయనకు జీతం లేని సేవ. మధ్యాహ్నం రెండు తర్వాతో, నెలవారీ సమావేశం రోజునో కలిస్తే నిలబడి పది నిమిషాలు మాట్లాడతారు. నేను తీసుకెళ్ళినవి: నింపిన ఫారం, చెల్లుబాటులో ఉన్న రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ నకలు, ఎంబీబీఎస్ పట్టా నకలు, ఆధార్, క్లినిక్ చిరునామా రుజువు, పాస్‌పోర్టు ఫొటోలు. పట్టా అంటే విశ్వవిద్యాలయం ఇచ్చిన అసలు డిగ్రీ, కోర్సు పూర్తవగానే కాలేజీ ఇచ్చే ప్రొవిజనల్ కాగితం కాదు. ప్రతి నకలు మీదా సంతకం, తేదీ, రిజిస్ట్రేషన్ నంబరు రాశాను. మూడు అంతస్తులు కాబట్టి మూడు సెట్లు చేసి, నాలుగోది ఇంట్లో ఉంచుకున్నాను. కొన్నాళ్ళకు పనికొచ్చింది ఆ నాలుగో సెట్టే. ఆన్‌లైన్లో నింపినా కాగితాలు ఇవే, బ్రాంచి ఆమోదమూ తప్పదు. స్కాన్ మాత్రం ఫోన్‌తో వంకరగా తీసిన ఫొటో కాకుండా, గుండ్రటి ముద్రలోని అక్షరాలు చదవగలిగేలా తీయించాలి.

అర్హతల గడిలో కౌన్సిల్ రిజిస్టర్లో ఎక్కినవే రాయాలి. ఎంబీబీఎస్ తర్వాత మధుమేహం మీదో అల్ట్రాసౌండ్ మీదో చేసిన కొద్ది నెలల సర్టిఫికెట్ కోర్సులను అక్కడ రాస్తే, వాటికి రుజువేదని అడుగుతూ ఫారం వెనక్కి తిరుగుతుంది. పీజీ చేసి కౌన్సిల్లో ఇంకా నమోదు చేయించనివారు ముందు ఆ పని ముగించుకోవాలి.

రుసుము అంకె ఇక్కడ రాయను. ఒకే మొత్తంలో ఊరి బ్రాంచి, రాష్ట్రం, కేంద్రం మూడింటి వాటాలూ ఉంటాయి కాబట్టి బ్రాంచిని బట్టి తేడా వస్తుంది, అప్పుడప్పుడూ పెరుగుతుంది కూడా. ఏడాది సభ్యత్వమూ ఉంది, జీవిత సభ్యత్వమూ ఉంది. ప్రాక్టీసులో స్థిరపడినవారు జీవిత సభ్యత్వమే తీసుకోవాలని నా గట్టి అభిప్రాయం. ఏటా కట్టడం మర్చిపోయిన సంవత్సరమే అవసరం వచ్చి పడుతుంది. భార్యాభర్తలిద్దరూ డాక్టర్లైతే దంపతుల సభ్యత్వం ఉంది, విడివిడిగా కట్టేదానికన్నా తక్కువ అవుతుంది. ఇద్దరి రిజిస్ట్రేషన్లూ, ఇద్దరి కాగితాలూ పెట్టాలి. డబ్బు నగదుగా చేతిలో పెట్టకుండా బ్రాంచి ఖాతాకు బదిలీ చేసి, లావాదేవీ నంబరు ఫారం మీద రాయాలి. రసీదు అదే రోజు అడిగి తీసుకోవాలి.

అందరూ పొరపడేది ఇక్కడే. రసీదు చేతికి రాగానే సభ్యులమైపోయామనుకుంటాం. రసీదు చెప్పేది డబ్బు ముట్టిందని మాత్రమే. ఫారాన్ని బ్రాంచి రాష్ట్రానికి పంపాలి, రాష్ట్రం చూసి కేంద్రానికి పంపాలి, అక్కడ నమోదై నంబరు వచ్చినప్పుడే సభ్యత్వం. బ్రాంచిలో ఒక్కో ఫారం వెంటనే కదలదు, నాలుగైదు పోగయ్యాక కట్టగా పంపుతారు. ఆ లోపు కార్యవర్గం మారితే పాత కార్యదర్శి బీరువాలో ఉన్న కట్ట సంగతి కొత్తాయనకు తెలియకపోవచ్చు. నా కాగితాలు ఆగింది అలాంటి సంధికాలంలోనే. ఇంట్లో దాచిన సెట్టు, రసీదు, లావాదేవీ నంబరు చూపించాక మళ్ళీ డబ్బు కట్టకుండానే ఫారం కదిలింది.

అందుకని ఫారం ఇచ్చిన నెలకు ఒకటే ప్రశ్న అడగండి: రాష్ట్ర శాఖకు ఏ తేదీన పంపారు? తేదీ చెప్పగలిగితే ఫారం నిజంగా వెళ్ళింది. పంపేశాం అన్న జవాబు మాత్రమే వస్తే ఇంకా అక్కడే ఉందనుకుని మర్యాదగా మళ్ళీ అడగాలి. ఆ తేదీ పట్టుకుని రాష్ట్ర కార్యాలయానికి ఫోన్ చేస్తే వాళ్ళు వెతకగలరు, తేదీ లేకుండా ఎవరూ ఏమీ చేయలేరు. నంబరు వచ్చాక అందులో పేరు, బ్రాంచి, ఫోను, ఈమెయిలు సరిచూసుకోండి. తప్పు ఫోను నంబరు పడినవాళ్ళకు సమావేశాల కబురు రాదు, కారణమూ వాళ్ళకు తెలియదు.

సభ్యత్వంతో పాటు వచ్చేవేవో, రానివేవో విడిగా తెలుసుకోవాలి. కేసుల నుంచి రక్షణ ఇచ్చే ప్రొఫెషనల్ ప్రొటెక్షన్ స్కీము, మరణిస్తే కుటుంబానికి సాయం చేసే సామాజిక భద్రతా స్కీము సభ్యత్వంలో భాగం కావు. వాటికి వేరే ఫారం, వేరే డబ్బు. సభ్యత్వం ముందు మెట్టు మాత్రమే. రోగి ఫీజు కట్టి పొందే వైద్యం వినియోగదారుల చట్టం కిందికి వస్తుందని సుప్రీంకోర్టు తేల్చింది 1995 నవంబరులో, వి.పి. శాంత కేసులో. ఆ కేసులో ఒక పక్షం ఐఎంఏనే. నిర్లక్ష్యం వల్ల మరణం సంభవిస్తే ఇప్పటి భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షన్ కింద వైద్య ప్రక్రియ చేస్తున్న రిజిస్టర్డ్ డాక్టరుకు రెండేళ్ళ దాకా శిక్ష ఉంది. రోజుకు అరవై మందిని చూసే ఫ్యామిలీ డాక్టరు ఈ ప్రొటెక్షన్ స్కీమును రేపటికి వాయిదా వేయకూడదు. చేరకముందు జరిగిన సంఘటనకు రక్షణ దొరుకుతుందని ఆశపడకూడదు. నోటీసు వచ్చిన రోజే స్కీముకు తెలపాలి, మనమే జవాబు రాసి పంపాక చెబితే చిక్కులొస్తాయి.

క్లినిక్ మీద దాడి జరిగినప్పుడు బ్రాంచి విలువ తెలుస్తుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2008లో వైద్య సిబ్బంది మీద హింసను అరికట్టే చట్టం చేసింది: మూడేళ్ళ దాకా జైలు, 50,000 రూపాయల దాకా జరిమానా, నాన్‌బెయిలబుల్ (బెయిలు హక్కుగా దొరకని) నేరం. స్టేషన్లో ఒక్కడే కూర్చుంటే ఫిర్యాదును మామూలు గొడవగా రాసేయవచ్చు. బ్రాంచి నుంచి నలుగురు పెద్దవాళ్ళు వచ్చి ఆ చట్టం పేరు రాయించమని నిలబడితే అది వేరే కాగితం అవుతుంది.

సీఎంఈకి సంబంధించి ఒక జాగ్రత్త. బ్రాంచి పెట్టిన ప్రతి ఉపన్యాసానికీ గంటలు రావు. రాష్ట్ర కౌన్సిల్ ముందుగా ఆమోదించి క్రెడిట్ గంటలు ఇచ్చిన కార్యక్రమమైతేనే రెన్యూవల్‌లో లెక్క. సర్టిఫికెట్ మీద ఆ గంటలు, కౌన్సిల్ ఆమోదం ముద్రించి ఉన్నాయో లేదో అక్కడే చూసుకుని ఫైల్లో పెట్టండి.

ఫ్యామిలీ డాక్టర్లకు ఇంకో రెండు తలుపులున్నాయి. ఐఎంఏలోనే జనరల్ ప్రాక్టీషనర్ల కాలేజీ 1963 నుంచి ఉంది. ఐఎంఏతో సంబంధం లేకుండా 2010లో ఏర్పడిన అకాడమీ ఆఫ్ ఫ్యామిలీ ఫిజీషియన్స్ ఆఫ్ ఇండియా విడిగా సభ్యత్వం ఇస్తుంది, కుటుంబ వైద్యుల ప్రపంచ సంఘం వొంకాతో దానికి అనుబంధం ఉంది. దాని పత్రికలో వచ్చే వ్యాసాలు మన ఓపీలో రోజూ చూసే సమస్యల గురించే కాబట్టి చదవడానికి నాకు అది ఎక్కువ ఉపయోగపడింది. కష్టం వచ్చినప్పుడు నిలబడేది మాత్రం ఊరి బ్రాంచి. రెంటిలోనూ చేరవచ్చు.

బోర్డు మీద, ప్రిస్క్రిప్షన్ మీద రిజిస్ట్రేషన్ నంబరు తప్పనిసరి. సంఘం సభ్యత్వ నంబరు దాని స్థానంలో వేయకూడదు. సభ్యత్వాన్ని డిగ్రీలాగా పేరు పక్కన రాసుకోవడం కూడా తప్పే. ఫ్యామిలీ మెడిసిన్‌లో గుర్తింపు ఉన్న పీజీ లేనివారు స్పెషలిస్టునని రాసుకోవడానికి నైతిక నియమావళి ఒప్పుకోదు. ఫ్యామిలీ డాక్టర్ అని రాసుకుంటే సరిపోతుంది.

ఊరు మారితే జీవిత సభ్యత్వానికి మళ్ళీ డబ్బు కట్టి కొత్తగా చేరనక్కర్లేదు. పాత బ్రాంచి నుంచి బకాయిలు లేవన్న కాగితం తీసుకుని, బదిలీ దరఖాస్తు కొత్త బ్రాంచిలో ఇవ్వాలి. ఆ కాగితం ఊరు వదిలే వారంలోనే, పాత కార్యదర్శి పదవిలో ఉండగానే తీసుకోండి.