కొండకు ముందు దారి వివరం కావాలి

హైదరాబాద్ చుట్టుపక్కల ట్రెక్కింగ్‌కు తీసుకువెళ్లే బృందాల ప్రకటనల్లో ప్రతి దారికీ ఈజీ, మోడరేట్, డిఫికల్ట్ అనే ముద్రల్లో ఏదో ఒకటి ఉంటుంది. సెరిబ్రల్ పాల్సీ (చిన్నతనంలోనే మెదడుకు కలిగిన లోపం వల్ల కదలికలు కష్టమయ్యే స్థితి) ఉన్న అమ్మాయికి తల్లినైన నాకు వాటిలో ఒక్కటీ ఉపయోగపడదు. ఈజీ అన్న దారిలో మోకాలెత్తు మెట్లు నాలుగు వరుసగా వస్తే మా అమ్మాయి వాకర్ అక్కడే ఆగిపోతుంది. కేవలం దూరాన్ని బట్టి డిఫికల్ట్ అని పేరుపెట్టిన దారిలో మొదటి కిలోమీటరు మాకు హాయిగా సరిపోవచ్చు. దారి ఎలా ఉంటుందో ముందుగా చెప్పేవారు లేకపోవడం వల్లనే వైకల్యం ఉన్న పిల్లల్లో చాలామంది కొండ మొహం చూడకుండా పెరుగుతున్నారని నా అభిప్రాయం.

అమెరికాలో ఫెడరల్ ప్రభుత్వ భూముల్లో కొత్తగా వేసే నడకదారుల కోసం వైకల్యం ఉన్నవారికి అందుబాటు ప్రమాణాలు రూపొందించే యాక్సెస్ బోర్డు అనే అక్కడి ప్రభుత్వ సంస్థ 2013లో ప్రమాణాలు ప్రకటించింది. వాటి ప్రకారం దారి వెడల్పు కనీసం 36 అంగుళాలు ఉండాలి. ఇరవై అడుగులకు ఒక అడుగు లేచే వాలు ఎంత దూరమైనా సాగవచ్చు గానీ, పన్నెండు అడుగులకు ఒక అడుగు లేచే వాలు 200 అడుగులకు మించి సాగకూడదు, ఆపైన సేదతీరే చోటు ఉండాలి. అంతకన్నా నాకు నచ్చినది దారి మొదట్లో పెట్టే బోర్డు గురించిన నియమం. దారి పొడవు, నేల స్వభావం, వెడల్పు, ఎక్కుడు వాలు, అడ్డవాలు ఆ బోర్డు మీద ఉండాలి. వెడల్పు మామూలుగా ఎంతో, అతి ఇరుకైన చోట ఎంతో, వాలు మామూలుగా ఎంతో, అత్యధికంగా ఎంతో విడివిడిగా రాయాలి. ఈ బోర్డు ఎవరికీ అనుమతి ఇవ్వదు, ఎవరినీ ఆపదు. దాన్ని చదివి తమ పిల్లకు ఏది సాధ్యమో తల్లిదండ్రులే తేల్చుకుంటారు. అడ్డవాలు మాట చూసి ఆశ్చర్యపోయేవారు ఒక పక్కకు ఒరిగిన బాట మీద వీల్‌చైర్‌ను కాసేపు నెట్టి చూడాలి: కుర్చీ పల్లానికి లాగుతూనే ఉంటుంది, నెట్టేవారి ఒక చేయి మాత్రమే పని చేస్తూ మణికట్టు పట్టేస్తుంది.

ఇద్దరు ముగ్గురు తల్లిదండ్రులు, ఒక ఫిజియోథెరపిస్టు, కొందరు కాలేజీ విద్యార్థులు కలిసిన మా చిన్న బృందం ఈ పద్ధతినే అరువు తెచ్చుకుంది. పిల్లలను తీసుకువెళ్లే ముందు మాలో కొందరం ఆ దారిలో టేపుతో, వాలు చూపే ఫోన్ యాప్‌తో నడిచి వస్తాము. మూసీ పుట్టిన వికారాబాద్ అనంతగిరి అడవిలో నేల చాలాచోట్ల ఎర్రటి గులకమట్టి. వీల్‌చైర్ ముందున్న చిన్న చక్రాలు అందులో దిగబడితే ముందుకు ఎంత నెట్టినా ఇంకా లోతుకే పోతాయి. కుర్చీని వెనక్కి వంచి, ముందు చక్రాలను గాలిలోకి లేపి, పెద్ద చక్రాల మీద వెనక్కి లాక్కుంటూ ఆ భాగం దాటించాలి. చంక కర్రలతో నడిచే పిల్లలకు బండల దగ్గర ప్రమాదం వేరు, కర్ర అడుగున రబ్బరు బుష్ అరిగిపోతే బండ మీద జారుతుంది. బయలుదేరే ముందు ప్రతి కర్రనూ తిప్పి చూడడం మా అలవాటు.

మరీ ఎగుడుదిగుడు దారులకు ఫ్రాన్సులో పుట్టిన జోయలెట్ అనే ఒంటిచక్రపు కుర్చీ ఉంది. జోయెల్ క్లోదెల్ అనే పర్వత మార్గదర్శి, కండరాల క్షీణత వ్యాధి ఉన్న తన తోబుట్టువు కొడుకు కోసం 1987లో దాన్ని రూపొందించారు. ముందొకరు, వెనుకొకరు పట్టుకుని నడిపిస్తారు. మోసుకెళ్లడమే అయితే మనకు డోలీ లేదా అని ఒక పెద్దాయన అడిగారు. మన ఏజెన్సీ గూడేల్లో రోడ్డు లేక రోగులను, గర్భిణులను మోసుకొచ్చే డోలీని విహారానికి వాడాలంటే నాకు మనసొప్పదు. అదీగాక డోలీలో పడుకున్న పిల్లకు ఆకాశం కనిపిస్తుంది గానీ దారి కనిపించదు.

చక్రాల సంగతి అందరికీ కళ్లకు కనిపిస్తుంది, మిగతావి కనిపించవు. వినికిడి లేని పిల్లలు సంజ్ఞలు చూడాలంటే కళ్లు నేల మీద నుంచి తీయాలి కాబట్టి, వారితో నడుస్తూ మాట్లాడకూడదు, ఆగి మాట్లాడాలి. చూపు లేని పిల్లలు తోడు వచ్చినవారి మోచేతికి పైన పట్టుకుని అరడుగు వెనుక నడుస్తారు. దారి ఇరుకైనప్పుడు తోడువారు ఆ చేతిని తమ వీపు వెనక్కి తీసుకుంటే, మాట అవసరం లేకుండానే పిల్లలు వారి వెనక్కి వచ్చేస్తారు. ఆటిజం ఉన్న ఒక అబ్బాయికి కొండ ఎత్తుతో పేచీ లేదు, నడక ఎక్కడ ముగుస్తుందో తెలియకపోవడంతోనే పేచీ. మేము ముందురోజు తీసిన గేటు, వంక, మర్రిచెట్టు, బస్సు ఫోటోలను వరుసగా చేతికిస్తే, ఒక్కొక్కటి దాటగానే దాన్ని జేబులో పెట్టుకుంటూ నడిచాడు.

ఎండ విషయంలో మాత్రం నేను మొండిదాన్ని. వెన్నుపాము దెబ్బతిన్న పిల్లలకు దెబ్బ తగిలిన చోటికి దిగువన చెమట సరిగా పట్టదు, స్పర్శ ఉండదు గనుక కాగిన బండ మీద కూర్చుంటే కాలుతున్నా తెలియదు. మూర్ఛకు ఇచ్చే టోపిరమేట్ కూడా కొందరు పిల్లల్లో చెమటను తగ్గిస్తుంది. అందుకే మేము చలికాలంలోనే, పొద్దున్నే వెళతాము. మరుగుదొడ్డికి మడత గుడారం, కమోడ్ కుర్చీ వెంట తీసుకెళతాము, ఎదిగిన ఆడపిల్లల తల్లులు మొదట అడిగే ప్రశ్న అదే.

మన దేశం 2007లో ఆమోదించిన ఐక్యరాజ్యసమితి దివ్యాంగుల హక్కుల ఒడంబడికలోని 30వ అధికరణం ఆటపాటల్లో, వినోదంలో ఈ పిల్లలకు మిగతా పిల్లలతో సమానమైన అవకాశం ఉండాలంటోంది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టంలో క్రీడల గురించి ప్రత్యేకంగా ఒక సెక్షన్ ఉంది. అయినా ఒక విహారస్థలంలో ర్యాంపు ఉందా అని ఫోన్ చేస్తే, "ఉందమ్మా, రెండు మెట్లెక్కితే ర్యాంపే" అన్నారు. ఆ మనిషి అబద్ధం చెప్పలేదు, ఆయనకు రెండు మెట్లు లెక్కలోకి రాలేదంతే. అప్పటినుంచి ర్యాంపు ఉందా అని అడగడం మానేసి, గేటు నుంచి అక్కడిదాకా వీడియో తీసి పంపమంటున్నాము.

ఎక్కడ వెనక్కి తిరగాలో నిర్ణయించే అధికారం మా నడకల్లో పిల్లలది. దీనికి అలవాటుపడడానికి పెద్దవాళ్లకే ఎక్కువ సమయం పట్టింది. పైదాకా వెళ్లకపోతే వచ్చి ఏం లాభమని నాన్నలు నసుగుతుంటారు. మొన్న మా అమ్మాయి సగం దారిలో వాకర్ ఆపి, "అమ్మా, ఇక్కడ చీమల పుట్ట ఉంది, నేను ఇక్కడే ఉంటాను" అంది. మిగతావారు పైకి వెళ్లి వచ్చేదాకా మేమిద్దరం అక్కడే కూర్చుని చీమలకు బిస్కెట్ పొడి వేశాము.